పునుగుల కొట్టుకు లైసెన్సు వచ్చిన విధము

చినగాడిలంక రేవులో, పంటు మీద పునుగులు వేసే సత్తియ్యగారి కొట్టుకు ప్రభుత్వంవారు లైసెన్సు మంజూరు చేసిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే అది పాఠకుల అశ్రద్ధే. ప్రకటన నోటీసు బోర్డుకు అంటించారు. బోర్డు వానకు తడవకుండా బీరువాలో భద్రంగా ఉంది.

పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన ఏర్పాటు. మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, కొబ్బరికాయల బస్తాలనీ గోదావరి దాటిస్తుంది. ఈ గట్టున దిగితే అమలాపురం బస్సు, ఆ గట్టున దిగితే రామచంద్రపురం బస్సు. దాటడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో సత్తియ్యగారు ఒక వాయి పునుగులు దించి, అల్లం చట్నీ వేసి, పంటులో ఉన్నవాళ్ళందరి నోళ్ళూ మూయించేవారు. పదకొండేళ్ళుగా ఏ కాగితమూ లేకుండా ఈ ఘోరం జరిగిపోతున్నా ఎవరికీ పట్టలేదు.

రెండువేల రెండులో రేవును వేలంపాటలో జగ్గయ్య పాడుకున్నాడు. పంటెక్కి, రెండు ప్లేట్లు తిని, మూతి తుడుచుకుని చల్లగా చెప్పాడు.

"ఉగాది నించీ కాగితం ఉన్న కొట్టే నా పంటు మీదుంటాదండి, సత్తియ్యగారూ. ఏవనుకోకండి. మా బావమరిది టీ ఫ్లాస్కులు కొనుక్కుని కూచున్నాడు."

సత్తియ్యగారికి సెంటు భూమి లేదు. వల లాగే వయసు దాటిపోయింది. ఉన్నదల్లా ఒక స్టవ్వు, ఒక మూకుడు, పిండి రుబ్బే భార్య సత్యనారాయణమ్మ. ఉగాదికి మూడు నెలలుంది. పంచె మార్చుకుని ఆఫీసుకు బయలుదేరారు.

వ్యాపారస్తులు నాలుగు ఆఫీసులు తిరగకూడదన్న దయతో ఆ ఏడే ఒకే కిటికీ పద్ధతి పెట్టారు. కిటికీ నిజంగానే ఒకటి. దాని వెనక బల్లలు పదకొండు. పదకొండు బల్లలవారూ వంతులవారీగా ఆ కిటికీలోంచి తల బయటపెట్టి, ఎంతో మర్యాదగా, రేపు రమ్మనేవారు. మనవైపు ఆఫీసుల్లో కసురుకోవడం లేదు. ఆనందరావుగారనే అధికారి ముప్పై ఏళ్ళ సర్వీసులో 'కుదరదు' అన్న మాట నోటివెంట రానివ్వలేదు. "అయిపోతుందండి, ఆయ్, తప్పకుండా అయిపోతుంది. కాకపోతే..." అనేవారు. ఆ 'కాకపోతే' వెంట వచ్చిన వాటి చరిత్రే ఈ కథ.

దరఖాస్తులో కొట్టుకు నాలుగు హద్దులూ రాయాలి. సత్తియ్యగారు ఉన్నదున్నట్టు రాయించారు: తూర్పున గోదావరి, పడమర గోదావరి, ఉత్తరాన గోదావరి, దక్షిణాన గోదావరి. ఆనందరావుగారు చదివి సంతోషించారు.

"నాలుగు పక్కలా పొరుగువారు ఒక్కరే కావడం మీ అదృష్టమండి. ఒక్క సంతకంతో పోతుంది. కాకపోతే అభ్యంతరం లేదని వారు రాసివ్వాలండి."

గోదావరికి రిజిస్టరు పోస్టులో నోటీసు వెళ్ళింది. పోస్ట్‌మాన్ దేవసహాయం ఉత్తరం బట్వాడా చెయ్యకుండా నిద్రపోయే మనిషి కాదు. నది మధ్యకు వెళ్ళి అరగంట చూసి, కవరు మీద ఇలా రాసి తెచ్చాడు: 'చిరునామాదారు యానాం వైపు వెళ్ళిపోవుచున్నారు. నిలకడ లేదు.' నెల రోజుల్లో గోదావరి నుంచి అభ్యంతరమేదీ రానందున సమ్మతించినట్టే భావించారు.

తరవాత ఇంటి నంబరు. పంచాయతీవారు నంబరు వేస్తామనే అన్నారు, వెయ్యడానికి తలుపేదీ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. సత్తియ్యగారు ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే వెళ్ళి ద్వారబంధమూ తలుపులూ కొని తెచ్చి పంటు మధ్య నిలబెట్టారు. గోడల్లేవు, కప్పు లేదు. తలుపు మాత్రం టేకుది. సత్యనారాయణమ్మ గడపకు పసుపు రాసి మామిడాకులు కట్టింది. మన జనం మర్యాద చూడండి, చుట్టూ అంత బయలున్నా పునుగులకు ఆ తలుపులోంచే వెళ్ళేవారు. చెప్పులు విడిచి, "రావచ్చాండీ?" అని అడిగి మరీ. పక్కనించి దూరిన కుర్రకారును పెద్దలు కేకలేసేవారు.

అగ్నిప్రమాదాల తనిఖీకి వచ్చినాయన, ఫైరింజను తిరగడానికి కొట్టు చుట్టూ అరకిలోమీటరు ఖాళీ ఉన్నందుకు ఎంతో మెచ్చుకున్నారు. నీటి వసతి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"నీళ్ళెక్కడున్నాయండి?"

సత్తియ్యగారు నాలుగు వైపులా చెయ్యి తిప్పి చూపించారు.

"అది నదండి. మీ నీళ్ళు చూపించండి."

సత్తియ్యగారు ఒక డ్రమ్ము కొన్నారు. పంటు అంచున వంగి, బకెట్టుతో తోడి, ఆయన కళ్ళెదుటే నింపారు. "ఇప్పుడు నిశ్చింత" అని ఆయన సంతకం పెట్టారు.

అంతా అయిందనుకుంటుండగా అసలు చిక్కు తేలింది. నది సగం వరకూ ఈ గట్టు ఆఫీసుది, అక్కణ్ణించి ఆ గట్టు ఆఫీసుది. ఆ గట్టు అధికారి కృష్ణమూర్తిగారు, ఆనందరావుగారికి ఏమాత్రం తీసిపోని మర్యాదస్తులు. ఇద్దరూ కుర్చీలు వేయించుకుని, సరుకు ఎవరి పరిధిలో తయారవుతున్నదో తేల్చడానికి పంటు ఎక్కారు. నది మధ్య హద్దు గుర్తుగా ఒక పసుపుపచ్చ డబ్బా కట్టించారు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా పంటు ఆ డబ్బాకు ఇటూ అటూ తిరిగింది. పునుగు నూనెలో మునగడం ఆనందరావుగారి పరిధిలోనూ, తేలడం కృష్ణమూర్తిగారి పరిధిలోనూ జరుగుతున్నట్టు నాలుగో ప్లేటుకు రూఢి అయింది. వేగడం ఎవరిదన్న విషయంలో ఒకరినొకరు "మీదేనండి", "అబ్బే, తమదేనండి" అని గౌరవించుకున్నారు. ఆరో ప్లేటుకు ఉమ్మడి నివేదిక తయారైంది: కొట్టు ఏ గట్టుకూ జరగక, సరిగ్గా మధ్యలో స్థిరముగా నుండినచో ఎవరికిని అభ్యంతరము లేదు.

ఉగాదికి రెండు రోజుల ముందు లైసెన్సు వచ్చింది. బంగారు రంగు అంచు, రెండు ముద్రలు, కింద ఒక షరతు: 'ప్రాంగణము నమోదైన స్థలమునుండి కదలరాదు.' ప్రాంగణమంటే పంటే. పసుపు డబ్బా పక్కన నాలుగు లంగర్లు దించారు. ఆనందరావుగారు ఆ టేకు తలుపు ముందు నిలబడి ప్రసంగించారు.

"ఇన్నాళ్ళూ ఈ కొట్టు ఇటూ అటూ దిక్కు లేకుండా తిరిగిందండి! నేటినుంచీ దీనికి ఒక స్థానం, ఒక గౌరవం, ఒక నిలకడ! చిన్న వ్యాపారి ఎదుగుదలకు ఇంతకన్న ఏం కావాలండి!"

ఇక నది దాటబోని పంటు మీద నిలబడి, ప్రయాణికులందరూ చప్పట్లు కొట్టారు.

మొదట్లో జగ్గయ్య మొహం మాడింది. తరవాత వికసించింది. రెండు నాటుపడవలు తెచ్చాడు: గట్టు నుంచి పంటు దాకా ఒక టిక్కెట్టు, పంటు నుంచి అవతలి గట్టుకు మరొకటి. బావమరిది ఫ్లాస్కులతో ఆ పడవల్లో తిరిగాడు. అతనికి కాగితం అక్కరలేదు, పడవ కదులుతుంది గనక ప్రాంగణం కాదు. ఇరవై నిమిషాల దారి గంటన్నరయింది. టీచరు రాజ్యలక్ష్మిగారు బడికి రెండో పీరియడుకు చేరేవారు. పడవ కోసం పంటు మీద పడిగాపులు పడే జనం పునుగులు తిన్నారు, మళ్ళీ తిన్నారు. సత్తియ్యగారి బేరం మూడింతలైంది. పత్రికలో ఫోటో కూడా పడింది.

ఒకనాడు నెలలు నిండిన పిల్లను నొప్పులతో తెచ్చారు. పంటు మీద నుంచి పడవలోకి నలుగురు ఎత్తి దించుతుంటే ఆ పిల్ల పెట్టిన కేక విని సత్తియ్యగారి చేతిలో చిల్లుల గరిటె జారిపోయింది. ఆయనకు ఏడుపొచ్చింది. సిగ్గేసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

"మన కాగితం మూలాన్నే కదండీ ఇదంతాను" అంది సత్యనారాయణమ్మ. "ఇచ్చేసి రండి. కొట్టు పోతే పోయింది. గట్టు మీద ఎక్కడో ఓ చోట కూచుంటాం."

మర్నాడు సత్తియ్యగారు లైసెన్సు పటం టేకు తలుపు మీంచి తీసి, తువ్వాల్లో చుట్టి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళారు.

"ఇచ్చెయ్యొచ్చండి, ఆయ్, తప్పకుండా" అన్నారు ఆనందరావుగారు. "కాకపోతే, పంటు ఆగడంవల్ల ఇబ్బందిగా ఉందని ప్రయాణికులు పదిమంది సంతకాలు పెట్టాలండి. చిన్న పని. జనం మీకోసం ఆమాత్రం చెయ్యరా?"

సత్తియ్యగారు ఫారం పట్టుకుని పంటెక్కారు. ఆ పూట అక్కడ ఒక ప్లీడరుగారు, ఒక హెడ్మాస్టరుగారు, పత్రికా విలేకరి, రాజ్యలక్ష్మిగారు, ఇంకా నలభైమంది ఉన్నారు. వాయిదాలు పోతున్నాయని ప్లీడరుగారు, బడి పాడవుతోందని హెడ్మాస్టరుగారు అప్పటికి గంట నుంచీ మండిపడుతున్నారు.

"ఇబ్బందేనాండీ?" అని అడిగారు సత్తియ్యగారు.

"ఇబ్బందా? నరకమండి!" అన్నారు అందరూ.

"అయితే ఇక్కడో సంతకం..."

ప్లీడరుగారు గోదావరి వంక చూశారు. హెడ్మాస్టరుగారికి గవర్నమెంటు ఉద్యోగం. విలేకరి, వార్త రాసేవాడు సంతకం పెట్టకూడదన్నాడు. "నా పేరెందుకండీ, ముందు ఎవరైనా మగవాళ్ళు పెడితే..." అన్నారు రాజ్యలక్ష్మిగారు. మిగిలిన నలభైమందీ చేతులు పైకెత్తి చూపించారు.

"పెడదుమండి, ఆయ్, ఎందుకు పెట్టం? చేతులు నూనెగా ఉన్నాయండి. ఈలోగా ఇంకో వాయి వెయ్యండి."

ఫారంలో పది గళ్ళూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఇంతదాకా నవ్వుకుంటూ చదివారు గనక, మిమ్మల్నీ ఒక సంతకం అడిగి చూద్దామనిపించింది. వద్దులెండి. మీ చేతులకూ నూనె అయి ఉంటుంది.