మునిరత్నమ్మ అరుగు మీద పొంగిన పిండి

సోమవారం పొద్దుటికి జయంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు ప్రేమానందం గురక ఆపకముందే లేవాలి. మంచం కింద దాచిన ఇడ్లీపిండి బకెట్టు తీసుకుని, పక్కవీధిలో మునిరత్నమ్మ అరుగు మీద పెట్టి, ఎవరి కంటా పడకుండా తిరిగొచ్చి ముసుగు తన్నాలి. సంగతి దేవుడికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

ఇంత గుట్టు దేనికంటారా? పోయిన క్రిస్మస్‌కు ప్రేమానందం చర్చికి ఒక ఫ్యాను ఇచ్చి, మూడు రెక్కల మీదా తన పేరు రాయించాడు. తిరిగితే పేరు కనబడటం లేదని, ఎవరు స్విచ్చి వేసినా లేచి వెళ్ళి ఆపేసేవాడు. ఎండాకాలం వచ్చేసరికి పాస్టరు దేవరాజులుగారికి ఓపిక నశించింది. నిన్నటి ఆదివారం చెమట తుడుచుకుంటూ ప్రసంగం అందుకున్నారు. "కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు. మీ ఇరుగుపొరుగున కష్టంలో ఉండేవాళ్ళకు ఈ వారం మీ చేతులతో సాయం చెయ్యండి. అయితే నేను ఫలానాది చేసినానని ఒక్కరు కూడా నా దగ్గరికి రావద్దు. ఇంట్లో మొగుడికి పెళ్ళాం చెప్పొద్దు, పెళ్ళానికి మొగుడు చెప్పొద్దు." ఫ్యాను కింద ఉడికిపోతున్న జనం గట్టిగా ఆమెన్ అన్నారు.

కష్టంలో ఉన్నది ఎవరో వెతుక్కోనక్కర్లేదు. ఎముకలు అతికించే పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడివాళ్ళో విరిగిన చేతులతో, కాళ్ళతో ఈ ఊళ్ళో తొలి బస్సుకే దిగుతారు. వాళ్ళకు ఇడ్లీలు పోసి బతికే మునిరత్నమ్మే జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. బస్సు ఛార్జీ అయినా మిగిలింది కదక్కా అని వీధిలోవాళ్ళు ఓదార్చారు. కానీ అది నవ్వులాట కాదు. ఆమె పొయ్యి వెలిగి చాలా రోజులైంది. ఆ ఇల్లూ, ఆ అరుగూ మునిప్రసాద్‌వి. అతని బామ్మర్ది గుణశేఖర్ అక్కడ నూడిల్స్ బండి పెడతానని పోరుతున్నాడు. "సోమవారం తొలి బస్సు వచ్చేసరికి పొయ్యి ఎలగకపోతే జాగా మా బామ్మర్దికే" అని మునిప్రసాద్ తేల్చేశాడు. ఆ జాగా పోతే మునిరత్నమ్మకు మరో బతుకుతెరువు లేదు.

పోనీ సాయం తీసుకునే మనిషా అంటే, అదీ కాదు. చర్చివాళ్ళు రొట్టె, కమలాపళ్ళు పట్టుకుని పలకరించడానికి వెళితే, "నేనేమన్నా రోగిష్టిదాన్నా? మీరే తినండి" అని వాకిట్లోంచే పంపించేసింది. కాకపోతే మొన్న కుళాయి దగ్గర మాత్రం నోరు జారింది. "ఎడంచేత్తో అయినా ఇడ్లీ పోసేస్తా గానీ, పిండి రుబ్బేదెట్ల?" అంది. కుళాయి దగ్గర అందరూ విన్నారు. ఆ అందరూ అనే ముక్కను జయంతి పట్టించుకోలేదు.

కరోనా రోజుల్లో జయంతి, ప్రేమానందం ఇద్దరూ మంచం పట్టినప్పుడు, బంధువులు ఫోనులో కూడా దూరంగా నిలబడి మాట్లాడారు. మునిరత్నమ్మ ఒక్కతే రోజూ గేటుకు ఇడ్లీ పొట్లం తగిలించి, "తినండి, తిని బతకండి!" అని అరిచి వెళ్ళేది. ఆ అరుపు జయంతి ఇంకా మరిచిపోలేదు. అందుకే ఆమె ఆదివారం సాయంత్రం, ప్రేమానందం ప్రార్థనకని బయటికి వెళ్ళగానే, గ్రైండరు మీద దుప్పటి కప్పి మరీ రుబ్బింది.

తెలతెలవారుతుండగా అరుగు చేరేసరికి అక్కడ అప్పటికే ఒక తపేలా ఉంది. నీళ్ళ తపేలా కాబోలు అనుకుని జయంతి బకెట్టు దించింది. అంతలో ఎవరో వస్తున్న అలికిడి. గబుక్కున అరుగు పక్కనున్న తడిక వెనక దూరింది.

ఇంజను ఆపిన స్కూటరును, ముందర పెద్ద స్టీలు బిందె పెట్టి తోసుకుంటూ వస్తున్నవాడు ప్రేమానందం! ఇంట్లో గురకపెడుతున్న మనిషి ఇంతలోనే ఇక్కడికెట్లా వచ్చాడో ఆమెకు అంతుబట్టలేదు. అతను బిందె దించి చేతులు దులుపుకున్నాడో లేదో, వీధి మలుపులో ఇంకో అడుగుల చప్పుడు వినబడింది. అతనూ తడిక వెనక్కే వచ్చి పడ్డాడు.

"నువ్వా!"

"మీరా! ఇప్పుడే గదా గురకపెడతా ఉండారు?"

"నువ్వు పోయేదాకా ఉత్తుత్తి గురక పెట్టినా. గమ్మునుండు, ఎవురో వస్తా ఉండారు."

వచ్చింది వడ్రంగి ప్రతాప్. తలమీద గుండిగ. దించి, దండం పెట్టి, మరో అలికిడికి బెదిరి తడిక వెనక్కి వచ్చాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పాత్ర దించడం, బెదరడం, దూరడం. తడిక వెనక చర్చి సంఘం సంఘమంతా తేలుకుట్టిన దొంగల్లా నోరు మెదపకుండా కూర్చుంది. చివరికి తువ్వాలు తలకు చుట్టుకుని దేవరాజులుగారే డేక్సా మోసుకొచ్చారు. దించి, ఎవరూ చూడలేదు కదా అని అటూఇటూ చూసి, కుక్క మొరగ్గానే వెనక్కి నడుస్తూ తడిక చాటుకు వచ్చి ప్రేమానందం ఒళ్ళో కూర్చున్నారు.

"వందనాలయ్యా" అన్నాడు ప్రేమానందం గుసగుసగా.

పాస్టరుగారు కెవ్వుమన్నారు. ఆ అదురుకు తడిక పటపటా విరిగి, సంఘమంతా అరుగు ముందర బోర్లా పడింది. ఇటు వేసవి ఉక్కకు పిండి ఊరుకుంటుందా? ఒక మూత ఎగిరి ఠంగుమంది, వెనకే ఇంకోటి. అన్ని పాత్రల్లోంచీ పిండి నురగలు కక్కుతూ మెట్ల మీదికి దిగింది. తలుపు తీసిన మునిరత్నమ్మ మొదటి అడుగే అందులో వేసింది.

"ఓయమ్మ! ఏంది ఇది? ఎవురు మీరు? దొంగలైతే ఎత్తకపోతారు గానీ ఇట్ల తెచ్చి పోస్తారా?"

అందరూ చేతుల్లో మొహాలు దాచుకున్నారు. పలికితే ధర్మం ఎడమచేతికి తెలిసిపోతుంది. మునిరత్నమ్మ వంగి, పాత్రల మీద చెక్కిన పేర్లు పైకి చదవడం మొదలుపెట్టింది. మన ఆడవాళ్ళు గరిటెను కూడా పేరు చెక్కించకుండా వదలరు గదా!

"ప్రతాప్ కొత్తింటి చేరిక. ఊ. దేవరాజులు, షష్టిపూర్తి. ఓహో, అయ్యగారూ! ఇదేంది? జయంతి, ప్రేమానందం పెండ్లికి మేనమామ ఇచ్చింది. లెయ్యి జయంతీ, మొగం దాచుకున్నా బిందె చెప్తా ఉండాది."

పేరులేని ప్లాస్టిక్ బకెట్టును ఏరికోరి తెచ్చిన జయంతి మొగుడికేసి కొరకొరా చూసింది.

"ఎవురడిగినారు మిమ్మల్ని? ముష్టి వేస్తే తిని పడుండేదాన్నని అనుకుంటిరా? ఎత్తండి మీ బిందెలు!" అంది మునిరత్నమ్మ. గొంతు పెద్దదే కానీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

అప్పుడే మునిప్రసాద్ వచ్చాడు. వెనకాల గుణశేఖర్ నూడిల్స్ బండి గడగడలాడించుకుంటూ తోసుకొస్తున్నాడు. "పొయ్యి యాడ ఎలిగిందక్కా? మాటంటే మాటే" అన్నాడు మునిప్రసాద్. దూరంగా తొలి బస్సు హారను వినిపించింది.

పాస్టరుగారు డేక్సా ఎత్తబోయారు. జయంతి చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, నీకు సాయం చేసేదానికి గాదు, మాకే నీ సాయం కావాల! ఇంత పిండి మా ఇండ్లకు ఎత్తకపోయి ఏం జేసుకునేది? పొద్దెక్కితే పులిసి కాలవలో పారబోయాల. అన్నం పారబోసిన పాపం మాకెందుకు చుట్టుకోవాల? మేం చావబోతే ఇడ్లీ పెట్టి బతికించినావే. ఈ ఒక్కసారి మా పరువు బతికించక్కా!"

మునిరత్నమ్మ నేల మీద పారుతున్న పిండిని చూసింది. మనుషులు ఎట్లా పోయినా ఆమె ఓర్చుకోగలదు గానీ, పిండి వృథా పోతే ఓర్వలేదు.

"అయ్యగారూ, ఏం సూస్తా ఉండారు? పొయ్యి అంటీండి!"

పాస్టరుగారు ఊదారు. కళ్ళు మండి, దగ్గు వచ్చి, గడ్డం మసి అయ్యాక పొయ్యి భగ్గుమంది. సరిగ్గా అప్పుడే బస్సు మలుపు తిరిగింది. జయంతి ఎగిరి గంతేసింది.

ఇక మునిరత్నమ్మ నోటికి పట్టపగ్గాల్లేవు. ఎడమచేత్తో గరిటె ఊపుతూ, ఒక్కో పిండినీ నాలుక మీద పెట్టి తీర్పు చెప్పింది. "ఇది ఇడ్లీకి. ఇది జారుగా ఉండాది, దోసెలకు. ఇందులో మెంతులు కుమ్మరించినారు, గుంతపొంగణాలు పొయ్యండి. ప్రేమానందం, నీది మిల్లు పిండి, నాకు తెలీదనుకున్యావా?" పొయ్యిలు చాలకపోతే గుణశేఖర్ బండి మీద కన్ను పడింది. "ఏమప్పా, నీ పెనం ఖాళీగా ఏడస్తా ఉండాది. దోసెలు పొయ్యి!" గుణశేఖర్ బావ మొహం చూశాడు. బావ నోట్లో అప్పటికే వేడి ఇడ్లీ ఉంది. చేసేదిలేక నూనె రాశాడు.

బస్సు దిగినవాళ్ళు ఆవురావురుమంటూ వచ్చారు. ఒక ముసలాయన కుడిచేతికి తువ్వాలు కట్టుకుని, ప్లేటుకేసి చూస్తూ ఊరికే నిలబడ్డాడు. మునిరత్నమ్మ కేకేసింది. "జయంతీ! చెయ్యి బాగుండేవాళ్ళకు ప్లేటియ్యి. చెయ్యి ఇరిగినోళ్ళకు నోట్లో పెట్టు. ఇన్నాళ్ళూ నేనూ ప్లేటిచ్చి ఊరుకుంటి. నా చెయ్యి ఇరిగినాక గదా తెలిసొచ్చింది!" జయంతి ఇడ్లీ తుంచి, అప్పటికప్పుడు నూరిన చట్నీలో అద్ది నోటికి అందించింది. ఆ ముసలాయన నమిలి, మింగి, "చల్లగుండు తల్లీ" అన్నాడు. జయంతికి ఏ పండక్కూ కలగనంత సంతోషం కలిగింది. పక్కనే ప్రేమానందం ఎవరో పెద్దావిడకు మూతి తుడుస్తున్నాడు. తన పేరు ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని తోచనైనా లేదు.

గుండిగలు ఖాళీ అయ్యాయి. మునిప్రసాద్ మూతి తుడుచుకుని, "జాగా నీదేలేక్కా" అని ఒప్పేసుకున్నాడు. వీధి వీధంతా ఈలలు వేసింది. పాస్టరుగారు మసిమొహంతో దగ్గరికి వచ్చి, "గుట్టుగా చెయ్యాలనుకున్నామమ్మా, అంతా రట్టయింది" అని నొచ్చుకున్నారు.

"దిగులుపడాకండయ్యా. పోసిందంతా నా ఎడంచెయ్యి, కుడిచెయ్యి కట్టులో ఉండాది, దానికేమీ తెలీదులే. రేపు బియ్యం నానబోసేది ఎవురు?" అంది మునిరత్నమ్మ.

ఆ రోజు నుంచి సంఘం వంతులవారీగా రుబ్బింది, పోసింది, తినిపించింది. కొన్నాళ్ళకు మునిరత్నమ్మ చెయ్యి అతికింది, కట్టు కూడా విప్పారు. కానీ పాస్టరుగారిని మాత్రం ఆమె ఇంకా వదల్లేదు, ఆయనకు చట్నీ నూరడం కుదరలేదట.