చిగుళ్లు వచ్చిన కారు

పళ్ల డాక్టరు పాత స్పోర్ట్స్ కారు కొన్న సంగతి భార్యకు ఆయన తన నోటితో చెప్పలేదు. ఆదివారం ఉదయం ఇంటి ముందు ఆగిన లారీ చెప్పింది. దాని మీద తాళ్లతో కట్టిన ఎర్రటి కారు ఒకటి, పొట్టి నడుము, పొడుగు ముక్కు వేసుకుని, దూకడానికి ఒళ్లు కూడదీసుకుంటున్న పిల్లిలా కూర్చుని ఉంది.

భార్య కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. కారును చూసింది. మొగుణ్ని చూసింది. రెండింటిలో ఏది ఎక్కువ పాతదో తేల్చుకోలేనట్టు మళ్లీ కారును చూసింది.

"ఎవరిదండీ ఇది?"

"మనదే."

"మనది అంటే?"

"నాదే అనుకో. కానీ నీదీను."

ఆవిడ ఉద్యోగం విమానాశ్రయంలో సామాన్ల తనిఖీ. పెట్టెకు దొంగ అడుగు ఉందో లేదో వేలి కణుపుతో తట్టి చెప్పేస్తుంది. అలాంటి మనిషికి మొగుడైనవాడు అబద్ధాల జోలికి పోకపోవడమే ఆరోగ్యం. ఈ సంగతి డాక్టరుకు పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. కానీ తెలిసినవన్నీ ఆచరించే మనిషైతే ఆయన తన పళ్లు తాను రెండుపూటలా తోముకునేవాడు.

కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆయనే ఏకరువు పెట్టాడు. అమ్మినవాడు తన పేషెంటే. ముందు పన్నుకు బంగారం తొడుగు వేయించుకున్న పెద్దమనిషి గనుక ఇంట్లో అందరూ బంగారుపన్నాయన అంటారు. మోకాళ్లు వంగక, కారులో దూరలేక అమ్మేశాడట. ఇంజను భేషుగ్గా ఉందట. ఒళ్లు రాయిలా ఉందట. కాస్త రుద్ది మెరుగుపెడితే ఈ ముసలికారును కుర్రకారంతా తలతిప్పి చూస్తుందట.

"మరి తుప్పు?"

"తలుపు కింద ఒక పొక్కు ఉంది. గోరంత."

"ఎవరి గోరు?"

డాక్టరు దగ్గాడు. ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టి లారీ దగ్గరికి వెళ్లింది. తలుపు మీద ఒకసారి తట్టింది, చెవి ఒగ్గి విన్నది. వెనక్కి వచ్చి, పెరట్లో షెడ్డు సంగతి ఎత్తింది. సాయంత్రాలు కుండలు చేయడం నేర్చుకుంటున్న ఆవిడకు కుమ్మరి సారె పెట్టుకోవడానికి ఆ షెడ్డు మీద ఎప్పటినుంచో కన్ను. అందుకని పందెం కాసింది. కారులో తుప్పు తన అరచేతిని మించకపోతే షెడ్డు కారుకు. మించితే షెడ్డు తనకు.

డాక్టరు భార్య అరచేతిని చూశాడు. చిన్నదే, కానీ పొక్కు ఇంకా చిన్నది. సరేనన్నాడు. పందెం తేలేదాకా ఉండమని కారును షెడ్డులో దింపారు.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ మూసి వచ్చి, పళ్లలో పుచ్చు వెతికే సన్నటి కొక్కెం ఒకటి జేబులో వేసుకుని షెడ్డులోకి వెళ్లాడు. భార్య డ్యూటీకి వెళ్లింది. పొక్కు మీద కొక్కెం మొన ఆనించి, పేషెంటును అడిగినట్టే కారును, "నొప్పిగా ఉందా?" అని అడిగి, కాస్త నొక్కాడు. కొక్కెం వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది.

అక్కడితో ఆపేస్తే ఈ కథ లేదు. కానీ లోపల ఏముందోనన్న కుతూహలం పళ్ల డాక్టర్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. రంగు గీకాడు, కింద లప్పం వచ్చింది. లప్పం తీశాడు, కింద మడతలు పెట్టి కుక్కిన వార్తాపత్రిక వచ్చింది. అందులో రేపు భారీ వర్షాలు పడవచ్చునని రాసి ఉంది. పడే ఉంటాయనుకున్నాడు డాక్టరు. పత్రిక కింద ఒక బిస్కెట్ డబ్బా మూత, దాని మీద నవ్వుతున్న పాప బొమ్మ. పాప పళ్లు చక్కగా ఉన్నాయి. మూత ఊడదీశాడు. దాని కింద ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే లేదు, చెయ్యి పెడితే మోచేతిదాకా దూరి, చక్రం తగిలింది.

అరచేయి పందెంలో మోచేయి దూరింది.

ఆయనకు భయం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. వెనకటి యజమానులందరూ ఒకరి తర్వాత ఒకరు తుప్పును కప్పిపెట్టి, పైన రంగు కొట్టి, తర్వాతివాడికి అంటగట్టారన్నమాట. ఎంత నేర్పు, ఎంత ఓపిక అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత తుప్పు ఎక్కడిదాకా పాకిందో చూద్దామని అటూ ఇటూ గీకాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. చక్రం పైన, డిక్కీ అంచున, దీపం వెనకాల, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ ఎర్రపొడి రాలింది.

పుచ్చు తీయకుండా పైన సిమెంటు పెట్టమనే పేషెంట్లకు ఆయన ఎన్నోసార్లు చీవాట్లు పెట్టాడు. లోపల కుళ్లు లోపలే ఉంచి పైన మెరుగులు దిద్దితే దవడ పోతుందని గోడ మీద బొమ్మ కూడా తగిలించాడు. అంతటి డాక్టరూ మరుసటి మధ్యాహ్నం క్లినిక్ నుంచి కట్టుడుపళ్లకు చిగుళ్లు చేసే గులాబీరంగు పొడి సంచీనిండా తెచ్చి, ద్రవంలో కలిపి, కారు కన్నాల్లో పూడ్చాడు.

పని మాత్రం అద్భుతంగా వచ్చిందని చెప్పక తప్పదు. నోట్లో గోరంత చోటులో చేసే పనితనం మొత్తాన్ని అక్కడ బారెడంత చోటులో చూపించాడు. చక్రం పైన వంపు దిద్దాడు, నున్నగా రుద్దాడు, ఎర్రరంగు కొట్టాడు. రోజూ మధ్యాహ్నం ఇదే వరస. కారు ఎడమవైపంతా పెళ్లికూతురిలా తయారైంది.

కుడివైపు మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాన్ని ఆయన ఎత్తి చూడలేదు. చూస్తే ఉంటుంది, చూడకపోతే ఉండదు. పన్ను నొప్పి పుట్టేదాకా తన దగ్గరికి రానివాళ్లందరిదీ ఇదే సిద్ధాంతం.

ఒకనాడు ఆవిడ షెడ్డులోకి చీపురు కోసం వచ్చి వెళుతుంటే, చీపురు కర్ర చక్రం పైన తగిలింది. ఎర్రటి పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. ఆవిడ వంగి చూసింది.

"ఏమండీ, కారుకు చిగుళ్లు ఎప్పుడొచ్చాయి?"

"అది అస్తరు. విదేశీ రకం. గులాబీరంగులోనే వస్తుంది."

"అలాగా."

ఆ ఒక్క మాట అని వెళ్లిపోయింది. డాక్టరుకు ఆ 'అలాగా' గొంతులో ముల్లులా గుచ్చుకుంది. విమానాశ్రయంలో ఆ మాట విన్నవాళ్లు తమ పెట్టెలు తామే తెరిచేస్తారని ఆయన విన్నాడు. అయినా గుండె దిటవు చేసుకుని పెచ్చు అతికించాడు.

పందెం తేల్చడానికి ఆవిడ ఆదివారం ముహూర్తం పెట్టింది. మధ్యవర్తిగా పక్క వీధిలో ఉండే తన తల్లిని పిలిచింది. అత్తగారు భారీ మనిషి, చేతిలో అంతకు తగ్గ చేతికర్ర. కారు ఎడమవైపున ఒకసారి అటూ ఇటూ తిరిగి, అల్లుడి పనితనాన్ని నోరారా మెచ్చుకుంది. డాక్టరు ఉబ్బిపోయాడు. ఆ ఉబ్బులో, ఇలాంటి కారులో ఒక్కసారైనా కూర్చోవాలని ఉందని అత్తగారు అంటే, తనే తలుపు తీసి, చేయి అందించి, లోపల కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టాక గుర్తొచ్చింది, కారు అడుగు తను ఒక్కసారైనా చూడలేదని.

అత్తగారు సర్దుకుని, చేతికర్రను కాళ్ల మధ్య ఆనించి, దాని మీద బరువు మోపింది. ఎండిన అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడైంది.

"అల్లుడుగారూ, కాలికి నేల తగులుతోందండి."

"కారు నేలేనండి అత్తయ్యగారూ."

"కాదు నాయనా. షెడ్డు నేల. చల్లగా ఉంది."

డాక్టరు వంగి చూశాడు. కారు కింద అత్తగారి పాదం, దాని పక్కన చేతికర్ర కొస, నిమ్మళంగా గచ్చు మీద నిలబడి ఉన్నాయి. అత్తగారిని బయటికి తీయడం పన్ను పీకడం కంటే కష్టమైంది. అటు వైపునుంచి తోయమని భార్యను బతిమాలాడు. ఆవిడ అటు వెళ్లి, ముందు టార్పాలిన్ లాగి పక్కన పడేసింది.

డాక్టరు నోరు తెరుచుకుంది. ఆయన వృత్తిలో అది ఎదుటివాళ్లు చేయాల్సిన పని.

కుడివైపు రంగు లేదు, లప్పం లేదు, తుప్పూ లేదు. తుప్పు పట్టినంతమేరా కోసేసి, కొత్త రేకు కొలిచి, కత్తిరించి, అతుకు పెట్టి, అతుకు కనపడకుండా అరగదీసి ఉంది. శుభ్రమైన ఇనుము వెండిలా మెరుస్తోంది.

అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాక, సంగతి బయటపడింది. లారీ మీద తట్టిన ఆ ఒక్క తట్టుకే ఆవిడకు కారు డొల్లని తెలిసిపోయింది. ఎంత డొల్లో చూడాలని మనసు పీకింది. ఆయన మధ్యాహ్నాలు వస్తే, ఆవిడ ఆయన క్లినిక్‌లో ఉండే ఉదయాల్లో వచ్చి, కుడివైపు పని చేసి, మళ్లీ టార్పాలిన్ కప్పి వెళ్లేది. గేట్లు చేసే దుకాణంలో వెల్డింగు నేర్చుకుంది. గోళ్ల కింద నలుపు కుండల మట్టి అనుకుని ఆయన ఏనాడూ అడగలేదు.

"ముందే తెలిసి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు డాక్టరు, దొరికిపోయిన దొంగలా.

"మీరే చెబుతారని చూశానండి. చిగుళ్లు చూసినప్పుడు కూడా ఒక మాట చెప్తారేమో అనుకున్నాను."

డాక్టరు పందెం ఓడానని ఒప్పుకున్నాడు. కారును పాత ఇనుముకు పంపించి, షెడ్డు కడిగించి ఇస్తానన్నాడు. అంటూనే కారు పొడుగు ముక్కును ఒకసారి నిమిరాడు. ఆ మాటలో అబద్ధం లేదని తట్టకుండానే తెలిసింది ఆవిడకు.

"ఎవరి కారు ఎవరు పంపుతారు? షెడ్డు నాదైతే, షెడ్డులో ఉన్నదీ నాదే. కుండలు తర్వాత చేసుకుంటాను. ముందు ఆ దీపం వెనకాల ఏం కుక్కారో చూడాలి నాకు. సుత్తి ఇలా ఇవ్వండి."

అత్తగారు మధ్యవర్తి హోదాలో తీర్పు ఖాయం చేసింది.

ఆ తర్వాత ఉదయాలూ మధ్యాహ్నాలూ కలిసిపోయాయి. డాక్టరుకు అప్పగించిన పని తన చిగుళ్లు తనే ఊడగొట్టడం. తుప్పయినా తేలిగ్గా వచ్చింది గానీ చిగుళ్లు రాలేదు, ఆయన పనితనం అలాంటిది. దీపం వెనకాల ఒక మేజోడు దొరికింది, డిక్కీ అంచున సగం విరిగిన దువ్వెన. ఎవరు పెట్టారో, ఏ తొందరలో పెట్టారో అని ఇద్దరూ నేల మీద కూర్చుని ఊహించుకునేవాళ్లు. అలా మాట్లాడుకుని చాలా కాలమైందని డాక్టరుకు అప్పుడు తోచింది. తోచింది గానీ పైకి అనలేదు. అంటే ఆవిడ తట్టి చూస్తుందేమోనని.

ఎండలు తగ్గాక ఒక సాయంత్రం కారు బయటికి వచ్చింది. భార్య స్టీరింగు పట్టుకుంది. పక్క సీట్లో అత్తగారు, కొత్త అడుగు మీద ధీమాగా కాళ్లు చాపుకుని. ఆ కారుకు మూడో సీటు లేదు. డాక్టరు గేటు తీసి పట్టుకున్నాడు. కారు ముద్దుగా గుర్రుమని, వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఎదురింటాయన గోడ మీంచి తొంగిచూశాడు. "ఎంత బాగుంది డాక్టరుగారూ. మీదేనా?"

డాక్టరు చేతికి అంటిన ఎర్రపొడి చొక్కాకు తుడుచుకున్నాడు.

"బండి మా ఆవిడదండీ," అన్నాడు. "తుప్పు నాది."