అరవయ్యో కుర్చీ

ఆ ఉదయం పని త్వరగా ముగించుకుని నారాయణగూడలో చాయ్ తాగుదామనుకున్నాడు ఫణీంద్ర. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్ల కోసం అశోక్‌నగర్‌లో జగన్మోహన్ నడిపే రీడింగ్ హాలుకు, సీటు నంబరు చీటీలిచ్చే ప్రోగ్రాం అతనే రాశాడు. ఇది సాఫీగా నడిస్తే జగన్మోహన్ మిగతా రెండు హాళ్ల పనీ అతనికే. చేస్తున్న ఉద్యోగం మానేసి మరీ పెట్టుకున్న ఆశ అది.

ప్రోగ్రాంలో అరవై కుర్చీలకు సీటు1, సీటు2 అంటూ అరవై పేర్లు పెట్టాడు. ఒక్కోదానికీ విడివిడిగా కోడు. స్నేహితురాలు, తోటి ప్రోగ్రామర్ భవ్య ముందే మొత్తుకుంది.

"అన్నిటినీ ఒకే అర్రేలో పెట్టేయొచ్చుగా? అన్నిటికీ ఒక్కటే పేరు, పక్కన నంబరు. కుర్చీలు ఎన్ని పెరిగినా కోడు మారదు."

"నా కోడు నాకు కంఠతా వచ్చు. నువ్వేం పరేషాన్ గాకు," అన్నాడు ఫణీంద్ర. ధీమాకు అతని దగ్గర ఏనాడూ కొదవ లేదు.

తలుపులు తీయగానే హాలు నిండిపోయింది. "ఇంకో కుర్చీ ఏస్తున్న, అది గూడ ఎక్కించు," అన్నాడు జగన్మోహన్. ఫణీంద్ర అరవయ్యో సీటు కోడును నకలు చేసి, పేరు అరవై ఒకటిగా మార్చాడు. చీటీ మీద పడే నంబరు మార్చడం మరిచాడు. ఆ చీటీ పట్టుకుని ఎల్లేశం అనే కుర్రవాడు నేరుగా అరవయ్యో కుర్చీ దగ్గరికి వెళ్లాడు. అందులో త్రివేణి అనే అమ్మాయి అప్పటికే పుస్తకం తెరిచి కూర్చుంది.

"అక్కా, ఇది నా సీటు."

"నా చీటీల గూడ అరవయ్యే ఉన్నది. నేను లెవ్వ."

సీట్లు చాలలేదనుకుని జగన్మోహన్ మరో కుర్చీ వేయించాడు. ఫణీంద్ర చకచకా అరవై ఒకటిని నకలు చేశాడు. తప్పు కూడా చక్కగా నకలైంది. కుర్చీ వేసినప్పుడల్లా త్రివేణి నెత్తిన ఇంకో మనిషి వచ్చి నిలబడ్డాడు. కొత్త కుర్చీలేమో గోడవారన ఖాళీగా ఉన్నాయి. చీటీలో లేని సీట్లో కూర్చోరాదన్న నియమం పెట్టింది జగన్మోహనే మరి.

"ఏందయ్యా ఇది? ఇట్లయితే మిగతా హాళ్లు మర్చిపో!" అని ఆయన అరిచేసరికి ఫణీంద్ర భవ్యకు ఫోను చేశాడు.

చిక్కడపల్లి నుంచి ఆటోలో వచ్చిన భవ్య అరవై చిల్లర పేర్లనూ చెరిపేసి, ఒక్క అర్రే పెట్టింది. అందరికీ కొత్త చీటీలు మొదలయ్యాయి. వరుసలో ముందున్నది ఎల్లేశం. అర్రే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, అతని చీటీ మీద సున్నా పడింది.

"సున్న సీటా! పరీక్ష రాసేటోణ్ని, సచ్చినా కూసోను!"

వెనకున్నవాళ్లూ దండం పెట్టి తప్పుకున్నారు. ఒకటి నుంచి మాత్రం అందరూ బుద్ధిగా ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు.

"ప్రతి నంబరుకూ ఒకటి కలిపితే సరిపోతుందండీ," అంటూ భవ్య కీబోర్డు అందుకోబోయింది.

"ముట్టకు బిడ్డా! నడుస్తున్నదాన్ని నడవనియ్యి," అని జగన్మోహన్ అడ్డుపడ్డాడు. "ఫణీంద్రా, మూడు హాళ్లూ నీకే. రోజూ తలుపులు తీయంగనే సున్న సీట్ల మాత్రం నువ్వే కూసోవాలె."

ఫణీంద్ర ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. మూడు హాళ్లూ ఒకే వేళకు తెరుస్తారన్న సంగతి అతనికి మెట్లు దిగాక తట్టింది.