పెళ్ళికొడుకు సబ్బాతూ, లేని రోగీ

జెకర్యా వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే తన ఊరు హోలోన్‌లో కారెక్కాలి. అక్క ఉండే రోష్ హాయిన్ ఊరి పొలిమేరలో ఆటస్థలం పక్కన, పెద్దగా ఎవరూ నడవని చోట కారు ఆపాలి. అక్కడినుంచి నింపాదిగా నడిచి, రాత్రంతా పక్కవీధిలోనే పడుకున్న మనిషిలా సమాజమందిరంలో అడుగుపెట్టాలి. శుక్రవారం పొద్దుగూకిందగ్గర్నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా సబ్బాతు, నిష్ఠగల యూదులు అప్పుడు కారు నడపరు, ఫోను ముట్టరు. సబ్బాతు రోజున కారు నడిపాడని ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా అక్క బద్రాకి.

"ఆవిడకి నిజం చెప్పేస్తే ఏం పోయింది? మింగేస్తుందా?" అంది భార్య రీనా కాఫీ చేతికిస్తూ.

"మింగదు. ఏడుస్తుంది," అన్నాడు జెకర్యా.

అక్క ఏడుపంటే అతనికి చిన్నప్పటినుంచీ భయం. భర్త పోయాక బద్రా పూర్తిగా దేవుడి వైపు తిరిగిపోయింది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఎల్దాద్‌కి సైకిల్ నేర్పడం దగ్గర్నుంచి సైన్యంలో దింపి రావడం దాకా అన్నీ మేనమామే చూసుకున్నాడు. ఆ ఎల్దాద్‌కి ఈ వారమే పెళ్ళయింది. పెళ్ళయ్యాక వచ్చే మొదటి సబ్బాతు పెళ్ళికొడుకుది. మందిరంలో ఆ రోజు ధర్మశాస్త్రం చదవమని తండ్రికి దక్కాల్సిన పిలుపు మావయ్యకే దక్కాలని ఎల్దాద్ పట్టుబట్టాడు. యెమెను నుంచి వచ్చిన యూదుల మందిరంలో పిలుపు అందుకున్నవాడు తన భాగం తనే చదవాలి, ఇంకొకరు చదివిపెట్టరు. అందుకని జెకర్యా నెల రోజులుగా తన టైర్ల షాపులో కూర్చుని ధర్మశాస్త్రం రాగం తీస్తూ వల్లెవేశాడు. టైరు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరో పోయారనుకుని ఓదార్చి మరీ వెళ్ళారు.

అంతవరకూ బాగానే ఉంది. సరిగ్గా ఆ శుక్రవారం రాత్రికే మనవరాలి పుట్టినరోజు వచ్చిపడింది. ఐదేళ్ళ పిల్లని తాత లేకుండా కేకు కోసుకోమని చెప్పే ధైర్యం అతనికి లేదు. శుక్రవారమే వచ్చేయమన్న అక్కకి కుదరదని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. కాబట్టి ఇద్దరికీ సరేనన్నాడు. అక్క ఊళ్ళో షరాబీ అనే పెద్దమనిషి తను లేని ఈ రెండు రోజులూ పెళ్ళివారి చుట్టాలు పడుకోవడానికి ఇల్లు తాళం వెయ్యకుండా వదిలి వెళ్ళాడు. జెకర్యా అక్కకి ఫోన్ చేసి, "పొద్దుండగానే వచ్చి షరాబీ ఇంట్లో పడుకుంటానక్కా. ఒంట్లో కాస్త నలతగా ఉంది, రాత్రి భోజనానికి నాకోసం చూడకు," అన్నాడు. ఆవిడ నమ్మింది. నమ్మడమే కాకుండా అల్లం టీ తాగమని చెప్పింది. అది అతన్ని మరీ బాధపెట్టింది.

తీరా వస్తే ఆటస్థలం దగ్గర పిల్లల ఫుట్‌బాల్ పోటీ. కారు పెట్టడానికి జానెడు జాగా లేదు. ఆ వీధి, ఈ వీధి తిరిగే కొద్దీ టైము దాటిపోతోంది, మందిరం దగ్గర పడుతోంది. ఆఖరికి గత్యంతరం లేక, సాక్షాత్తూ అక్క ఇంటి వెనక సందులో, పెద్ద చెత్తడబ్బాల చాటున తన తెల్ల కారు ఆపాడు. తాళంచెవి సాక్సులో దోపుకుని మందిరానికి పరుగులాంటి నడక నడిచాడు.

చదవడం మాత్రం అద్భుతంగా చదివాడు. మొదటి మాటకి గొంతు వణికింది. పక్కన నిలబడ్డ ఎల్దాద్ భుజానికి భుజం ఆనించగానే నిలదొక్కుకుంది. ఒక్క స్వరం కూడా తప్పలేదు. పై అంతస్తులోంచి ఆడవాళ్ళు మిఠాయిలు విసిరారు, పిల్లలు కాళ్ళ సందుల్లో దూరి ఏరుకున్నారు. జెకర్యా కళ్ళు తుడుచుకున్నాడు. ఈ ఒక్కరోజు ఏ గొడవా లేకుండా గడిస్తే చాలు, అక్క పరువు వియ్యాలవారి ముందు నిలబడితే చాలు అనుకున్నాడు.

ఆ వియ్యంకుడు మోరీ యిహ్యా. మోరీ అంటే గురువు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పినవాడాయన. ఎవరి గురించీ చెడుగా అనుకోడు. ఎవరిలోనైనా తప్పు కనిపిస్తే దానికొక మంచి కారణం వెతికి పెట్టేదాకా ఆయనకి అన్నం సయించదు.

"ఏం చదివారు బావగారూ," అని ఆయన మందిరం గుమ్మంలోనే జెకర్యాని కావలించుకున్నాడు. "రాత్రి బస ఎక్కడ?"

"షరాబీ ఇంట్లోనండి."

"భలే. మా పెద్దాడు గిలాద్ కూడా అక్కడే పడుకున్నాడు. ఏరా, బావగారు కూడా అక్కడే ఉన్నారని చెప్పలేదే?"

టెల్ అవీవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే గిలాద్ మొహం పాలిపోయింది. జెకర్యా మొహం అంతకుముందే పాలిపోయింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

"నేను వచ్చేసరికి బాబు నిద్రపోతున్నాడండి," అన్నాడు జెకర్యా. "లేపడం ఎందుకని..."

"అవును నాన్నా," గిలాద్ వెంటనే అందుకున్నాడు. "మధ్యలో మెలకువొస్తే పక్కగదిలోంచి వీరి గురక వినిపించింది. ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనూ ఊరుకున్నాను."

ఎంత మంచి పిల్లాడు, నా గుట్టు కాపాడాడు అనుకున్నాడు జెకర్యా. గిలాద్ కూడా జెకర్యా గురించి అచ్చం అలాగే అనుకున్నాడు.

బద్రా ఇంట్లో పొడవాటి బల్ల మీద వేయించిన గింజలూ, పళ్ళూ, అరక్ సారా సీసా పెట్టి ఉన్నాయి. వంటింట్లో రాత్రంతా సన్నటి వేడి మీద ఉన్న జహ్నూన్ అనే రొట్టె చుట్టల వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆశీర్వాదం చెప్పి అందరూ ఓ గుప్పెడు గింజలు నోట్లో వేసుకున్నారో లేదో, వెనక సందులో కారు అలారం మొదలైంది.

జెకర్యా నమలడం ఆపేశాడు. తన కారుకి ఆ రోగం ఉంది. పిల్లి తోక తగిలినా ఊరంతా లేపుతుంది. అక్కడికీ కాసేపు చూసి, చేతులు కడుక్కునే వంకతో లేచి వెళ్ళాడు. స్నానాలగదిలో తలుపేసుకుని, సాక్సులోంచి తాళంచెవి తీసి, గోడవైపు పెట్టి మీట నొక్కాడు. అలారం ఆగింది. దేవుడా అనుకుని తిరిగొచ్చి కూర్చున్నాడు. అలారం మళ్ళీ అందుకుంది. మరోసారి వెళ్ళి నొక్కాడు. ఈసారి ఆగనే లేదు.

"ఒంట్లో ఇంకా బాగాలేదా తమ్ముడూ?" అంది బద్రా, వీపు నిమురుతూ.

"ఎవడో పాపిష్ఠివాడు," అన్నాడు బల్ల చివరినుంచి ఓ చుట్టం. "సబ్బాతు పూట కారు తెచ్చి మన నెత్తిన పెట్టాడు."

"అలా అనకూడదు," అన్నాడు మోరీ యిహ్యా. గింజలు పక్కకి నెట్టి ఆలోచనలో పడ్డాడు. "మన వీధిలోకి సరదాకి కారు తెచ్చేవాడెవడూ లేడు. తెచ్చాడంటే ప్రాణం మీదికి వచ్చి ఉండాలి. ప్రాణం కోసమైతే ఈ రోజు కారు నడపొచ్చు, అది పుణ్యం. ఆ మనిషి ఇక్కడే ఏదో ఇంట్లో ఉన్నాడు. కారు ఇంతసేపు మొత్తుకుంటున్నా బయటికి రాలేదంటే, రాలేని స్థితిలో ఉన్నాడు." ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మనం ఇక్కడ కూర్చుని తింటున్నామా?"

దాంతో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా లేచారు. వీధిని ముక్కలుగా పంచుకున్నారు. కారున్న సందు ఎవరు చూస్తారని అడిగితే జెకర్యా, గిలాద్ ఒకేసారి ఆ చివర బేకరీ వైపు వెళ్తామన్నారు. ఎండలో పక్కపక్కనే నడుస్తూ, ఎవరూ లేరని ఇద్దరికీ తెలిసిన రోగి కోసం ఇద్దరూ తలుపు తలుపూ తట్టారు.

"పాపం, ఎవరో ఏమో బాబాయిగారూ," అన్నాడు గిలాద్.

"పాపం," అన్నాడు జెకర్యా.

ఈలోగా కబురు వాళ్ళకన్నా ముందు వెళ్ళిపోయింది. మొదట గుండెపోటు అన్నారు, రెండో వీధికి వెళ్ళేసరికి పురిటినొప్పులయ్యాయి. జలుబుతో మూలుగుతున్న రోమియా అనే ముసలావిడ ఇన్నాళ్ళకి తనకోసం మనుషులొచ్చారని సంబరపడి, ఇద్దరు ఆడవాళ్ళని మంచం పక్కన కూర్చోబెట్టుకుని వదల్లేదు. ఎవరో సూప్ గిన్నె పట్టుకుని వీధిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. చివరికి సందు మొదట్లో ఒక ఇంటి తలుపు ఎంత కొట్టినా తెరుచుకోలేదు. లోపల ఏదో దభీమని పడింది. అది పిల్లి కావచ్చని ఎవరో గొణిగారు.

"పిల్లయితే మంచిదే, మనిషయితే?" అన్నాడు మోరీ. "అంబులెన్స్ పిలవాలి. తలుపు పగలగొట్టించాలి. ఫోన్ ఎక్కడుంది?"

అందరూ బద్రా ఇంటికి తిరిగొచ్చారు. ఫోన్ అల్మరా సొరుగులో, గుడ్డ చుట్టి ఉంది. ఓ కుర్రాడు చెయ్యి చాపితే మోరీ ఆపాడు. "ఇలాంటప్పుడు పిల్లల చేత చేయించకూడదు. పెద్దవాళ్ళే చెయ్యాలి. నేను చేస్తాను."

"నా ఇల్లు, నా ఫోను అన్నయ్యగారూ. నేనే చేస్తాను," అంది బద్రా.

భర్త పోయిన నాటినుంచి ఆవిడ సబ్బాతు రోజున దీపం మీట కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు ఒక్కో మడతా గుడ్డ విప్పుతోంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బతకాలని పెదాలతో ప్రార్థన గొణుక్కుంటోంది. జెకర్యా చూశాడు. వియ్యాలవారి ముందు అక్క తలదించుకోవడం ఒక ఎత్తు. తన అబద్ధం కోసం అక్క ఆ ఫోన్ నొక్కడం ఇంకో ఎత్తు. మొదటిదాన్ని ఆవిడ ఎప్పటికైనా క్షమిస్తుంది. రెండోదాన్ని తను క్షమించుకోలేడు.

"ఆగక్కా," అన్నాడు. "ఎవరూ చావట్లేదు. ఆ కారు నాది."

బద్రా గుడ్డ విప్పడం ఆపింది. అలారం మాత్రం ఆగలేదు.

"రాత్రి పాప పుట్టినరోజు. అది వదల్లేకపోయాను, ఇది వదులుకోలేకపోయాను. షరాబీ ఇంటికి నేను వెళ్ళనే లేదు. పొద్దున కారులో వచ్చాను. మోరీ, ఇందులో మా అక్క తప్పేం లేదు. ఆవిడకి తెలియదు."

మోరీ యిహ్యా గుండెల మీద చెయ్యి వేసుకుని, ఎవరి ప్రాణాలూ పోవడం లేదు కదా అని ముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత గడ్డం నిమురుకుంటూ కొడుకువైపు తిరిగాడు.

"గిలాద్, మరి రాత్రి నువ్వు విన్న గురక ఎవరిది?"

గిలాద్ నేల చూపులు చూశాడు. "నేనూ వెళ్ళలేదు నాన్నా. పొద్దున వచ్చాను." తర్వాత జెకర్యావైపు తిరిగి అడిగాడు. "బాబాయిగారూ, చెత్తడబ్బాల పక్కన తెల్ల కారు, అదేనా మీది?"

"అదే."

"అది నోరెత్తలేదండి. దాని వెనక ఉన్నది నాది, అదే అరుస్తోంది. తాళంచెవి దగ్గరుంటే దొరికిపోతానని టైరు మీద దాచి వచ్చాను."

బద్రా ఫోన్ తిరిగి సొరుగులోకి జారవిడిచి తమ్ముడివైపు నడిచింది. "నోరు మూసుకుని కూర్చుంటే నీ సంగతి ఎవరికీ తెలిసేది కాదు కదరా. ఎందుకు లేచావు?"

"నువ్వు ఫోన్ పట్టుకున్నావు కదక్కా."

అతను భయపడ్డట్టే ఆవిడ ఏడ్చింది. అయితే అతని భుజం పట్టుకుని ఏడ్చింది. "పాపకి అయిదు నిండాయి కదూ? నాకో మాట చెప్పుంటే గురువారమే మిమ్మల్నందరినీ ఇక్కడికి లాక్కొచ్చి, శుక్రవారం పొద్దుండగానే కేకు కోయించేదాన్ని కదరా. నేను అంత రాకాసినా?" వచ్చే ఏడాది కేకు తనింట్లోనే కొయ్యాలని కూడా అంది. జెకర్యా తల ఊపాడు.

ఎల్దాద్ మెల్లగా మామగారిని అడిగాడు. "మావయ్య పొద్దున చదివింది చెల్లుతుందా?"

"ఒక్క స్వరం తప్పలేదు, ఎందుకు చెల్లదు?" అన్నాడు మోరీ. "కారు తేవడం తప్పే, అది ఆయనకీ తెలుసు. కానీ అక్కడ పసిపిల్ల, ఇక్కడ మేనల్లుడు. ఎవర్నీ ఏడిపించకూడదనుకున్నాడు పాపం." ఇలా జెకర్యాకి తీరిగ్గా ఒక మంచి కారణం వెతికిపెట్టి, కొడుకుని అడిగాడు. "నిన్న నీకేం అడ్డొచ్చిందిరా?"

"మ్యాచ్ ఉంది నాన్నా. ఫైనల్."

అందరి తప్పులకీ కారణాలు వెతికే మోరీ యిహ్యా చాలాసేపు వెతికాడు. ఏదీ దొరకలేదు. అలారం కట్టేసి వస్తానని గిలాద్ లేవబోతే, "కూర్చో, పొద్దున చేసింది చాలు," అన్నాడు. బద్రా జహ్నూన్ వడ్డించింది. మోరీ తన పళ్ళెంలోంచి ఒక రొట్టె చుట్ట తీసి జెకర్యా పళ్ళెంలో పెట్టి, ఏదో అన్నాడు. జెకర్యా నవ్వి, ఏదో బదులిచ్చాడు. సబ్బాతు ముగిసిందని చెప్పే మూడు నక్షత్రాలు ఆకాశంలో పొడిచేదాకా ఆ కారు ఎవరినీ నోరెత్తనివ్వలేదు. ఒకరి మాట ఒకరికి వినపడక, కొత్త వియ్యాలవారు మిగిలిన పగలంతా చిన్న పొరపొచ్చెం కూడా లేకుండా గడిపారు.