అరకిలో చాక్లెట్, ఒక బస్తా సిమెంటు

సెలవు రోజు పొద్దున్నే ఇంజనీరు వంటింట్లోకి వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, స్టవ్ వైపు ఒకసారి, ఫ్రిజ్ వైపు ఒకసారి చూశాడు. కొత్త సైట్‌లో అడుగుపెట్టిన మొదటి రోజు కూడా ఆయన చూపు అలాగే ఉంటుంది. తర్వాత భార్య ఏప్రాన్ తీసి నడుముకు బిగించాడు.

పని చాలా చిన్నది. అరకిలో చాక్లెట్ ముక్కలు చేసుకోవాలి. వేడి క్రీమ్ వాటి మీద పోసి కలపాలి. చల్లారాక ఉండలు చుట్టి కోకో పొడిలో దొర్లించాలి. వాటినే ట్రఫుల్స్ అంటారు. ఇవి చిన్నపిల్లలు కూడా చేసేస్తారని ఫోన్‌లో వీడియో పెట్టిన అమ్మాయి నవ్వుతూ చెప్పింది. మేడల మీద మేడలు లేపినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాడు ఇంజనీరు. భార్య లైబ్రరీలో పనిచేస్తుంది. ఆ సాయంత్రం అక్కడ ఏడాది చివరి విందు. డబ్బా నిండా ట్రఫుల్స్ చేసి చేతిలో పెడితే ఆవిడ నోరు విప్పి ఒక్క మాటైనా అనకపోతుందా అన్నది ఆయన ఆశ.

ఎందుకంటే మొన్న ఆదివారం నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడటం లేదు.

ఆ ఆదివారం లైబ్రరీవాళ్ళు నలుగురు ఇంటికి వచ్చారు. ఆవిడ కేకు చేసింది. వచ్చినవాళ్ళు ఆహా ఓహో అంటూ తింటుంటే, ఇంజనీరు తన ముక్కను వేలితో నొక్కి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "కాంపాక్షన్ సరిగ్గా లేదు. చూడండి, లోపలన్నీ గాలి బుడగలే! ఇదే మా పిల్లరయితే కొట్టించి మళ్ళీ పోయిస్తాను" అన్నాడు. కాంక్రీటులో బుడగ ఉంటే తప్పు, కేకులో లేకపోతే తప్పు. ఇంత చిన్న తేడా ఆయన బుర్రకు ఎక్కలేదు. వచ్చినవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

అప్పటి నుంచి రాయబారమంతా వాళ్ళతోనే ఉండే అత్తగారి మీదుగానే నడుస్తోంది. "అమ్మా, ఆయన్ని భోజనానికి రమ్మను" అని కూతురు అంటే, ఎదురుగానే కూర్చున్న అల్లుడితో అత్తగారు "భోజనానికి రమ్మంటోంది బాబూ. కొంచెం విసుగ్గానే అంది" అని తన వంతు కూడా కలిపి చెబుతుంది. ఇంజనీరు పైకి గంభీరంగా ఉన్నాడు గానీ, లోపల బెంగ పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. తప్పయిందని ఒక్క ముక్క చెప్పేస్తే పోయేది. ఆ ముక్క మాత్రం ఆయన గొంతు దాటి రాదు.

భార్య హాలు అలంకరించాలని ముందే లైబ్రరీకి వెళ్ళిపోయింది. ఇంజనీరు క్రీమ్ వేడి చేశాడు, పోశాడు, కలిపాడు. నల్లగా నిగనిగలాడుతూ చాక్లెట్ తయారైంది. కానీ గరిటెతో ఎత్తితే జారిపోతోంది. వేడి మీద పలచగానే ఉంటుంది, చల్లారితే అదే గట్టిపడుతుందని వీడియోలో అమ్మాయి చెప్పింది. ఆ మాట వచ్చేసరికి ఈయన వీడియోను ముందుకు జరిపేశాడు.

సైట్‌లో ఏ చిక్కొచ్చినా ఆయన చేసేది ఒకటే, మేస్త్రీకి ఫోన్ చేయడం.

"మేస్త్రీ, మిక్స్ పలచగా వచ్చిందయ్యా. నిలబడటం లేదు."

"సెలవు రోజు పోత ఎక్కడ సార్?"

చాక్లెట్ అని ఎలా చెబుతాడు? సైట్‌లో ఆయన గొంతు వినిపిస్తే బీడీలు ఆరిపోతాయి. ఏప్రాన్ కట్టుకుని గరిటె తిప్పుతున్నాడని తెలిస్తే రేపటి నుంచి ఎవడు లెక్కచేస్తాడు?

"మా ఇంట్లోనే. చిన్న పనిలే. సాయంత్రానికల్లా గట్టిపడాలి."

"సాయంత్రానికే!" అన్నాడు మేస్త్రీ. "అయితే సరుకు పెంచండి సార్. బిగుసుకున్నాక పైన తడి ఆరనివ్వకండి."

"సరే. ఈ సంగతి ఎవరికీ చెప్పకు."

"నాకు తెలీదా సార్!" అని మేస్త్రీ ఫోన్ పెట్టేశాడు. అతనికి అర్థమైందల్లా ఒకటే. సారు తన ఫ్లాటులో పర్మిషన్ లేకుండా ఏదో కట్టిస్తున్నాడు, సరుకు చాలక మధ్యలో ఇరుక్కున్నాడు, పరువు కోసం రమ్మని అడగలేకపోతున్నాడు. అడక్కపోయినా వెళ్ళడమే విశ్వాసం అనుకుని ఇద్దరు మనుషుల్ని లేపాడు.

ఇక్కడ ఇంజనీరు సరుకు పెంచాడు. ఇంట్లో మిగిలిన చాక్లెట్ అంతా వేశాడు. చాలదనిపించి అత్తగారి అలమరలో పైఅరలో ఉన్న బార్లు కూడా తెచ్చి విరిచి పడేశాడు.

"అవి నావి బాబూ" అంది అత్తగారు.

"రేపు కొనిస్తాను అత్తయ్యగారూ."

మిక్స్ చిక్కబడింది. ఆయన దాన్ని లోతైన పళ్ళెంలో పోసి, అంచులు సమం చేసి, ఫ్రీజర్లో పెట్టాడు. కాస్త బిగుసుకోగానే తువ్వాలు తడిపి, నీళ్ళు పిండేసి, దాని మీద పరిచాడు. అది ఆరినట్టు అనుమానం వచ్చినప్పుడల్లా తలుపు తీసి చేత్తో నీళ్ళు చిలకరిస్తూ వచ్చాడు.

అత్తగారు కాసేపు చూసి, "దానికేమైనా జ్వరమా బాబూ?" అని అడిగింది.

"క్యూరింగ్ అత్తయ్యగారూ. పోత పోశాక తడి ఉంచకపోతే పగుళ్ళొస్తాయి."

మధ్యాహ్నానికి పగుళ్ళు రాలేదు. అసలు పగలడమే లేదు. చాక్లెట్, నీళ్ళు, తువ్వాలు మూడూ ఒక్కటై రాయిలా బిగుసుకుపోయాయి. ఇంజనీరు చెంచాతో పొడిస్తే చెంచా వంగింది. తువ్వాలు పట్టుకుని లాగితే పళ్ళెంతో సహా పైకి లేచింది. ఆయన అలా తువ్వాలుకు వేలాడుతున్న పళ్ళెంతో వంటింట్లో నిలబడి ఉండగా కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో మేస్త్రీ, వెనక ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్య సిమెంటు బస్తా.

"నువ్వెందుకొచ్చావయ్యా?"

"మీరు చెప్పలేదు, మేం రాలేదు సార్" అన్నాడు మేస్త్రీ కన్ను గీటి. లోపలికి వచ్చి హాలంతా చూశాడు. "పోత ఎక్కడ సార్?"

ఇంజనీరు అయోమయంగా పళ్ళెం చూపించాడు. మేస్త్రీ పళ్ళెం చూశాడు. ఏప్రాన్ చూశాడు. మళ్ళీ పళ్ళెం చూశాడు.

"ఇదేనా సార్?"

"శాంపుల్."

"నల్లగా ఉందేంటి సార్? ఏం సిమెంటు?"

"విదేశాలది. దీన్ని ముక్కలు చేయాలి. నిమ్మకాయంత సైజు."

ఎందుకని మేస్త్రీ అడగలేదు. ఇంజనీర్లు అడిగే శాంపుల్స్ ఎందుకో ఇన్నేళ్ళలో అతనికి ఏనాడూ బోధపడలేదు. చేతులు కడుక్కోమంటే కడుక్కున్నాడు, ఉలీ సుత్తీ వేడినీళ్ళలో ముంచమంటే ముంచాడు. వంటింటి నేల మీద చెక్క వేసి, పళ్ళెం బోర్లించి దిమ్మను రాల్చి, ఉలి మోపి ఒక్కటేశాడు. మేడంతా దద్దరిల్లింది. అత్తగారు టీవీ సౌండు పెంచింది. నాలుగు దెబ్బలు పడేసరికి మళ్ళీ బెల్ మోగింది.

ఈసారి ఫ్లాట్ల సెక్రటరీ. ఆ బిల్డింగులో ఎవరు గోడకు మేకు కొట్టినా అది తన నెత్తిన కొట్టినట్టే బాధపడే మనిషి.

"ఇంజనీరుగారూ, ఏ గోడ పగలగొడుతున్నారు?"

"గోడ కాదండీ."

"మరి?"

మేస్త్రీ పక్కనే ఉన్నాడు. ఇంజనీరు మళ్ళీ "శాంపుల్" అన్నాడు.

"మరి ఆ సిమెంటు బస్తా దేనికి?"

ఇంజనీరుకు నిజంగానే తెలియదు. సాయం కోసం మేస్త్రీ వైపు చూశాడు.

"మేం ఇక్కడ ఏమీ కట్టడం లేదండీ" అన్నాడు మేస్త్రీ, ఎవరూ అడగకుండానే. "గోడైతే అసలు కట్టడం లేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ జవాబు. సెక్రటరీ చెప్పులు విడిచి లోపలికి వచ్చి ఒక్కో గోడనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటూ తిరిగాడు. ఏ గోడా ఏమీ చెప్పలేదు. చివరికి అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పెద్దవారు. మీరైనా చెప్పండి, ఈ ఇంట్లో ఏం జరుగుతోంది?"

"ఏం చెప్పను నాయనా! మొన్న ఆదివారం నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇవాళ మా అమ్మాయి అటు వెళ్ళిందో లేదో, ఈయన ఇలా మొదలుపెట్టాడు" అని అత్తగారు ఉలీ సుత్తీ ఉన్న వైపు చెయ్యి చూపించింది.

చిలవలు పలవలు అల్లడానికి సెక్రటరీకి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. మేస్త్రీ వచ్చాడు. సిమెంటు వచ్చింది. గోడ పగలగొట్టడం లేదంటున్నారు. ఆయన బాల్కనీలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఫోన్ తీశాడు.

"అమ్మా, లైబ్రరీలో ఉన్నారా? కంగారు పడకండి, కూర్చుని వినండి. మీ ఆయన ఇంట్లో అడ్డుగోడ కట్టిస్తున్నారు. హాలు మధ్యలోంచే అనుకుంటాను."

ఇంజనీరుకు ఇదేమీ తెలియదు. ఆయన నేల మీద కూర్చుని, ముక్కలకు అంటుకున్న తువ్వాలు పోగులు గోటితో ఏరుతున్నాడు. మేస్త్రీ మనుషులు ఏరిన ముక్కల్ని కోకో పొడిలో దొర్లిస్తున్నారు. హాల్లో బస్తా ఎక్కడో చిరిగి బూడిదరంగు పొడి కారుతోంది. "ఆ పొడీ ఈ పొడీ కలవకుండా చూసుకో బాబూ" అని అత్తగారు హెచ్చరించింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. భార్య. జుట్టు రేగిపోయి ఉంది, అలంకరణకు తెచ్చిన రంగు కాగితం ముక్క ఒకటి భుజానికి అంటుకునే ఉంది.

"ఎక్కడ?" అంది.

ఇంజనీరుకు ప్రాణం లేచివచ్చింది. మధ్యలో అత్తగారి రాయబారం లేదు. నేరుగా తన మొహంలోకి చూసి అడిగింది.

"ఏది ఎక్కడ?"

"గోడ! ఎక్కడ కట్టిస్తున్నారు? ఎవరి వాటా ఎటు? వంటిల్లు ఎవరికి? మా అమ్మ ఏ వైపు?"

"నేను టీవీ ఉన్న వైపు" అంది అత్తగారు.

"గోడేంటి?" అన్నాడు ఇంజనీరు.

"గోడేంటి?" అన్నాడు మేస్త్రీ కూడా, ఇప్పుడైనా ఎవరైనా చెబుతారని.

"నేను మాట్లాడటం మానేశాను, నిజమే" అంది ఆవిడ. "నలుగురిలో మీరు ఆ మాట అంటే నాకెలా ఉంటుందనుకున్నారు? లైబ్రరీలో ఇప్పటికీ కేకు అంటే నవ్వుతున్నారు. ఒక్కసారి తప్పయిందంటారేమోనని రోజూ ఎదురుచూస్తున్నాను. మీరేమో మేస్త్రీని పిలుచుకొస్తారా?"

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఇంజనీరుకు సిగ్గేసింది. సిమెంటు సంగతి, సెక్రటరీ సంగతి, సైట్‌లో పరువు సంగతి అన్నీ మరిచిపోయాడు.

"తప్పయింది" అన్నాడు. ఆయన నోట ఆ మాట విని మేస్త్రీ సుత్తి కింద పడేశాడు. "కేకు చాలా బాగుంది. వాళ్ళు వెళ్ళాక మిగిలింది నేనే తిన్నాను. గోడా లేదు, ఏమీ లేదు. ఇవి చాక్లెట్లు. నీ విందుకని నేనే చేశాను."

"చాక్లెట్టా సార్!" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ వంగి ఒక ముక్క తీసి, దానికున్న పోగు లాగేసి, నోట్లో వేసుకుంది. ఆరుగురూ ఆవిడ దవడ వైపే చూస్తున్నారు. రాయి మెల్లగా కరిగింది.

"బాగుందండీ" అంది, తనకే నమ్మకం లేనట్టు.

సెక్రటరీ ఒకటి తీసుకుని విచారణ కోసమన్నట్టు నమిలాడు. విచారణ తేలక ఇంకొకటి తీసుకున్నాడు. ఇంజనీరు డబ్బా తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆదివారం నుంచి ఆ నవ్వు కోసమే కదా ఇదంతా అనుకుని ఇంజనీరు నిలువునా కరిగిపోయాడు.

అప్పుడు ఆవిడ చుట్టూ చూసింది.

"ఇది నా కొత్త తువ్వాలు కదూ?"

"క్యూరింగ్‌కి..."

"చాక్లెట్‌కి క్యూరింగేంటండీ? ఈ చెంచా ఎవరు వంచారు? అమ్మ బార్లు కూడా వేసేశారా? ఇంట్లోకి సిమెంటెందుకొచ్చింది? వీళ్ళంతా ఎవరు? అసలు మీరు ఎవరినైనా ఒక్క మాట అడిగి చేస్తారా ఏదైనా?"

ఆవిడ ముక్కలు డబ్బాలో సర్దుతూ మాట్లాడింది, కోకో చల్లుతూ మాట్లాడింది, నేల తుడవమని గుడ్డ ఆయన చేతికిచ్చి మాట్లాడింది. తువ్వాలు దగ్గర మొదలై, కేకు మీదుగా, పెళ్ళయిన కొత్తలో ఆవిడ పిన్నిగారి ఇంటి మెట్ల గురించి ఆయన చేసిన వ్యాఖ్య దాకా వెళ్ళింది. మేస్త్రీ బస్తా భుజానికెత్తుకుని మనుషులతో సహా సద్దు చేయకుండా జారుకున్నాడు. సెక్రటరీ మూడో ముక్క జేబులో వేసుకుని వాళ్ళ వెనకే మెట్లు దిగాడు. అత్తగారు, చాలా రోజుల తర్వాత రాయబారం బరువు దిగిన నిశ్చింతతో, టీవీ వైపు తిరిగి కూర్చుంది.

భార్య మాట్లాడితే చాలని కోరుకునేటప్పుడు కొలత చెప్పడం మరిచిపోయానని, నేల తుడుస్తూ, ఇంజనీరు గ్రహించాడు.