అయిదు లెక్కపెట్టేలోపు

సోమవారం ఉదయానికి పల్లవి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు పూజ, ఆరూ ముప్పావుకు కంప్యూటర్ ఆన్ చేయడం, ఏడున్నరకు రాహుకాలం మొదలయ్యేలోగా వకీలు పరంధామయ్య గారి పిటిషన్ మూడు పేజీలూ టైపు చేసి ప్రింటు తీయడం, ఎనిమిదికి ఉప్మా. ఇందులో అనుకున్న వేళకు జరిగింది పూజ ఒక్కటే.

చిత్తూరు కోర్టు వెనక వీధిలో ఉన్న సుబ్రమణ్యం టైపింగ్ సెంటరులో ఆమె పద్నాలుగేళ్లు పనిచేసింది. వకీళ్ల గొలుసుకట్టు రాతలు చదవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. తాము రాసింది తామే చదువుకోలేక ఆమెను అడిగి తెలుసుకున్న వకీళ్లు కూడా ఉన్నారు. అలాంటి మనిషిని ఒకరోజు నలుగురి ముందు సుబ్రమణ్యం, "పల్లవి చెయ్యి మంచి స్పీడు. తలకాయతో పనేముండాది ఈ పనిలో?" అన్నాడు. పొగిడానని అనుకున్నాడు పాపం. ఆమె నెల తిరగకుండా మానేసింది.

ఇంట్లోనే ముందుగదిలో టైపింగ్ పెట్టుకుందామని నిశ్చయించుకుంది. తయారుగా ఉన్న కంప్యూటర్ కొనుక్కోవచ్చు. కానీ తలకాయ సంగతి తేలాలి కదా. అందుకని విడి భాగాలు తెప్పించింది. నెలరోజులు ఫోనులో వీడియోలు చూసి నోటుబుక్కులో బొమ్మలు వేసుకుంది.

శనివారం సాయంత్రం పరంధామయ్య వకీలు కాగితాలు తెచ్చి ఇచ్చాడు. సత్యవేడు పక్క ఒక రైతు గట్టు తగాదా, స్టే పిటిషన్.

"సోమవారం పదికి నా చేతిలో ఉండాలమ్మా. ఉంటే ఇకమీద నా పనంతా నీదే. లేదంటే ఎప్పట్లా సుబ్రమణ్యం కాడికే పోతా. మళ్లా నువ్వు మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు.

"పదికి ఉంటాది సార్," అంది పల్లవి. అప్పటికి కంప్యూటర్ ఇంకా ఏడు అట్టపెట్టెల్లో ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే నేలమీద పాత దుప్పటి పరిచి మొదలుపెట్టింది. భర్త గిరి మామిడికాయల లోడుతో నాగపూర్ పోయాడు. ఇంట్లో సాయానికి ఉన్నది అత్త దేవకమ్మ ఒక్కతే. ఆమె పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇన్ని పేగులా మే దీనికి?" అంది తీగలన్నీ చూసి.

"ఇంకా ఉండాయి అత్తా. ఇవి పెద్దవే."

పెద్దవాటితో చిక్కు రాలేదు. ఒక్కో ప్లగ్గు ఒక్కో చోటే పడుతుంది, వేరే చోట పడమన్నా పడదు. చిక్కంతా చివరి నాలుగు సన్న తీగలతో వచ్చింది. ఆన్ చేసే బటన్‌కు ఒకటి, లైట్లకు రెండు, మళ్లీ మొదలుపెట్టే బటన్‌కు ఒకటి. వాటి ప్లగ్గులు ఈపి అంత ఉన్నాయి. అవి కూర్చునే పిన్నులు సూదిమొనలంత. పల్లవి కళ్లజోడు మార్చింది, టార్చి పట్టుకుంది, ఊపిరి బిగబట్టింది. చివరకు దేవకమ్మ తన కాలిలో ముళ్లు తీసుకునే చిమటా తెచ్చి ఇస్తే, దానితో పట్టి ఒక్కొక్కటే గుచ్చింది.

సాయంత్రానికి కంప్యూటర్ లేచింది. కావలసినవన్నీ ఎక్కించి, తెలుగు అక్షరాలు కూడా వస్తున్నాయని చూసుకుని, పిటిషన్ కాగితాలు ముందు పెట్టుకోబోయింది.

"అప్పుడే పనా? పసుపుకుంకమ పెట్టకుండా కొత్త మిషను మీద ఎవురైనా పని మొదలుపెట్తారా?" అంది దేవకమ్మ. "పొద్దున్నే పూజ సేసుకోని, రాహుకాలం రాకముందే కొట్టుకో. మూడు కాగితాలే గదా."

మూడు కాగితాలంటే పల్లవికి అరగంట పని. సరేనంది.

తెల్లవారి తలస్నానాలయ్యాయి. దేవకమ్మ సానరాయి మీద గంధం తీసింది. కొత్త మిషను కదా అని చిక్కగానే తీసింది. పెట్టెకు పసుపు రాశాక బొట్టు ఎక్కడ పెట్టాలన్నది సమస్య అయింది. బీరువాకు, గ్రైండరుకు, గిరి నడిపే లారీకి నుదురు ఎక్కడుందో అందరికీ తెలుసు. ఈ పెట్టె ముఖం మాత్రం పైనుంచి కిందిదాకా నల్లగా, నున్నగా ఉంది. సరిగ్గా మధ్యలో గుండ్రంగా కనిపించేది ఆన్ చేసే బటన్ ఒక్కటే.

"ఆణ్ణే పెట్టు, అందంగా ఉంటాది," అంది దేవకమ్మ.

పల్లవి పొదుపు చేయకుండా గంధం పెట్టి, దాని మీద కుంకుమ దిద్దింది. కర్పూరం వెలిగించింది. ఆ తర్వాత అదే బటన్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, నీలంలైటు వెలిగింది, తెర మీద వెలుతురు వచ్చింది. దేవకమ్మ చేతులు జోడించింది. ఆమె ఇంకా దండం దించకముందే ఫ్యాన్లు ఆగిపోయాయి, తెర నల్లబడింది.

పల్లవి మళ్లీ నొక్కింది. ఉలుకులేదు. గోడకున్న స్విచ్చి ఆపి వేసి చూసింది. ఈసారి ఎవరూ నొక్కకుండానే కంప్యూటర్ లేచింది. అయిదు లెక్కపెట్టేలోపు మళ్లీ పడుకుంది.

"నిన్న బాగనే ఉన్నింది గదా," అంది దేవకమ్మ.

నిన్నటికీ ఈ రోజుకూ ఏం మారిందని పల్లవి ఆలోచించలేదు. ఆమె అనుమానమంతా తన మీదే. ఆ సన్న తీగలే ఎక్కడో తప్పు గుచ్చి ఉంటానని పక్కరేకు విప్పి, చిమటా అందుకుని, నాలుగూ పీకింది. నోటుబుక్కులో బొమ్మ చూసుకుంటూ మళ్లీ గుచ్చింది. స్విచ్చి వేసింది. లేచింది, పడుకుంది. మళ్లీ పీకింది, మళ్లీ గుచ్చింది. ఏడూ పది అయింది.

దేవకమ్మ ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా బయటికి పోయి, నాలుగిళ్ల అవతల ఉండే మునస్వామిని పిలుచుకొచ్చింది. బోరు మోటార్లు బాగుచేయడంలో మునస్వామికి ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. కంప్యూటర్‌ను ఇంత దగ్గరగా చూడడం ఆయనకు అదే మొదలు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"ఒకసారి ఎయ్యి పాపా, సూస్తాం," అన్నాడు చతికిలబడి.

పల్లవి స్విచ్చి వేసింది. కంప్యూటర్ లేచి పడుకుంది. మునస్వామి తృప్తిగా తల ఊపాడు.

"నీళ్లు లేని బోరులో మోటారు ఇట్లనే సేస్తాది. లేస్తాది, సూసుకుంటాది, నీళ్లు లేవని పడుకుంటాది."

"దీనికి నీళ్లేంది మునస్వామన్నా?"

"నీళ్లంటే నీళ్లు గాదు పాపా. దీనికి కరెంటే నీళ్లు. సాలినంత రాలేదు." ఆయన జేబులోంచి టెస్టరు తీసి ప్లగ్గులో పెట్టాడు. టెస్టరులో లైటు వెలిగింది. దానికేసి జాలిగా చూశాడు. "సూసినావా, ఎంత నీరసంగా ఎలగతాందో. ఫేజు పల్సగా ఉండాది."

"పగటి వెలుతురులో టెస్టరు అట్లనే కదన్నా కనపడేది?"

"ముప్పై ఏండ్లుగా సూస్తాండా పాపా," అన్నాడు మునస్వామి.

సందు చివర లైన్‌మ్యాన్ టీ తాగుతున్నాడు. మునస్వామి అతని భుజం మీద చెయ్యి వేసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నడిపించుకుపోయాడు. ఫ్యూజు ఒకసారి తీసి, కొనలు గీకి పెడితే ఫేజు చిక్కబడుతుందని మునస్వామి మాట. రెండు నిమిషాల పనేనని లైన్‌మ్యాన్ ఒప్పుకున్నాడు. తీయడానికి నిజంగా రెండు నిమిషాలే పట్టింది. తిరిగి పెట్టబోతే ఫ్యూజును పట్టి ఉంచే పింగాణీ దిమ్మ రెండు చెక్కలై చేతిలోకి వచ్చింది. అప్పటికి ఏడున్నర దాటి అయిదు నిమిషాలు.

"రాహుకాలంలో సెయ్యి పెడితే ఇంతే," అంది దేవకమ్మ గుమ్మంలోంచి.

కొత్తది కరెంటాఫీసు నుంచి రావాలి. అక్కడ సామాన్ల గది తాళం ఉన్న మనిషి పదిన్నరకు గానీ రాడు. "పన్నెండవతాది," అని లైన్‌మ్యాన్ సైకిలెక్కాడు.

పల్లవి వాళ్ల వీధికీ, దాన్ని ఆనుకుని ఉన్న కోర్టు వెనక వీధికీ కరెంటు పోయింది. పిండి సగం నలిగిన గ్రైండర్లు ఆగిపోయాయి. తలకు షాంపూ రాసుకున్నవాళ్లు చెంబుల కోసం కేకలు పెట్టారు. పావుగంటలో పల్లవి గుమ్మం ముందు జనం చేరారు.

"ఏం మిషను బిగించినావక్కా? వీధి కరెంటంతా తాగేసిందంటనే?"

"కంప్యూటరమ్మా. టీవీ అంత కూడా తాగదు."

ఆ జవాబు ముందు వరసలో ఉన్నవాళ్లకే వినిపించింది. వీధి చివరికి పోయేసరికి పల్లవి ఇంట్లో పిండిమిల్లు పెట్టారని తేలింది.

ఎదురింటి టీచరు రెబెకా బడికి బయల్దేరుతూ ఈ గుంపును చూసి ఆగింది. విషయం విని, చేతిసంచిలోంచి తాళంచెవి తీసి పల్లవి చేతిలో పెట్టింది.

"మా ఇంట్లో ఇన్వర్టరు ఉండాది అక్కా. హాల్లో పెట్టుకోని కొట్టుకోండి. నాకు బస్సు టైమైంది."

దాంతో కంప్యూటర్ వీధి దాటింది. పక్కరేకు లేని పెట్టెను పేగులు వేలాడుతుండగా మునస్వామి ఎత్తుకున్నాడు. తెర పల్లవి మోసింది. దేవకమ్మ ప్రింటరును చంటిబిడ్డలా గుండెలకు ఆనించుకుని నడిచింది. జనం రెండుపక్కలా తప్పుకుని దారి ఇచ్చారు. ఒక పెద్దాయన ఎందుకైనా మంచిదని నమస్కారం పెట్టాడు.

రెబెకా ఇంట్లో అన్నీ తగిలించి స్విచ్చి వేసేసరికి తొమ్మిదయింది. కంప్యూటర్ లేచింది. మునస్వామి పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. పడుకుంది.

"ఈడ కూడా పల్సగనే ఉండాది," అన్నాడు.

పల్లవి వేళ్లు మడిచింది. ఇన్వర్టరు మీద కూడా అదే అయిదు లెక్క అంటే, కరెంటు తప్పు కాదు. రెండుసార్లు పీకి గుచ్చినా అదే లెక్క అంటే, గుచ్చడంలో తప్పు కాదు. నిన్న ఇదే పెట్టె, ఇవే తీగలు. ఫోను మోగింది. పరంధామయ్య.

"ఏమ్మా, అయిందా? మా వీధిలోనూ కరెంటు లేదు. సుబ్రమణ్యం సెంటరు గూడా మూసే ఉండాది. నీ కాడైనా ఉందా?"

"ఉండాది సార్. మా ఎదురింటికి రండి, పదికి," అని పెట్టేసింది.

నేలమీద కూర్చుని వీడియోలన్నీ మనసులో తిప్పుకుంది. ఒక దాంట్లో తమిళతను బటన్ బిగించకుండానే కంప్యూటర్‌ను లేపాడు. బటన్ తీగ కూర్చునే రెండు పిన్నులనూ స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం తాకించాడంతే. చిమటాతో ఆ ఒక్క తీగా పీకేసింది. మొన తాకించింది.

కంప్యూటర్ లేచింది. మునస్వామి ఆరు దాకా లెక్కపెట్టి ఆపేశాడు. దేవకమ్మ పన్నెండు దాకా లెక్కపెట్టింది. ఆ పైన ఎవరూ లెక్కపెట్టలేదు.

పల్లవి అప్పుడు పెట్టె ముందువైపుకు వచ్చి బటన్‌ను గోటితో గీకి చూసింది. చుట్టూ సందులోకి దిగిన గంధం గట్టిపడిపోయి, ఉదయం నొక్కిన బటన్ నొక్కినట్టే లోపల ఉండిపోయింది. బటన్ అలా అదిమి పట్టుకుంటే కంప్యూటర్ తనను ఆపమంటున్నారని అనుకుంటుంది. అయిదు లెక్కపెట్టి బుద్ధిగా ఆగిపోతుంది. పొద్దుటి నుంచి దానికి మూడిళ్ల బుర్రల కంటే ఎక్కువ క్రమశిక్షణ ఉంది.

"గంధం మరీ సిక్కగా తీసినట్టుండానే," అంది దేవకమ్మ మెల్లగా.

"పెట్టింది నేనే గదత్తా."

"ఇప్పుడు తుడస్తావా ఏంది? పూజ సేసిన బొట్టు." దేవకమ్మ గొంతులో ఆదుర్దా.

"తుడవను. స్క్రూడ్రైవరు ఉండాది గదా," అంది పల్లవి, కుర్చీ లాక్కుంటూ.

తొమ్మిదీ ఇరవైకి మొదలుపెట్టి పది నిమిషాలు తక్కువ పదికి మూడో పేజీ ముగించింది. పరంధామయ్య చెప్పులు విప్పి లోపలికి వచ్చేసరికి ప్రింటరు చివరి కాగితాన్ని బయటికి తోస్తోంది. ఆయన నిలబడే చదివాడు. రెండో పేజీలో తాను సర్వే నంబరు తారుమారు చేసి రాస్తే ఆమె కాగితాలతో ఉన్న దస్తావేజు చూసి సరిచేసిందని గమనించాడు.

"ఇకమీద మా కాగితాలన్నీ ఈడికే," అని, గుమ్మంలోంచి తల బయటపెట్టి, "రాండప్పా, ఈడ ఆడతాండాది," అన్నాడు. సెంటరు మూసి ఉండడంతో ఆయన వెంట వచ్చి బయట నిలబడ్డ నలుగురు వకీళ్లు లోపలికి వచ్చారు. పదిన్నరకు రెబెకా హాల్లో కూర్చోవడానికి చోటులేదు. తన ఇంట్లో కోర్టు సగం నడిచిందని ఆమెకు సాయంత్రం దాకా తెలియలేదు.

పదకొండుకు సుబ్రమణ్యం వచ్చాడు. చేతిలో ఒక తెల్లకాగితం, ముఖంలో కోపం. వీధి వర్తకులందరి తరఫునా వచ్చానన్నాడు. వరసలో తన వంతు వచ్చాక గానీ టైపు చేస్తున్నది ఎవరో చూడలేదు. చూశాక పక్కరేకు లేని పెట్టెను, లోపలి తీగలను కూడా చూశాడు.

"ఎవురు బిగించినారు దీన్ని?"

"నేనే సార్."

ఆయన పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆమె ముందు స్టూలు మీద కూర్చుని, "కొంచెం అర్జెంటమ్మా, ఒక కాగితం కొట్టిపెట్టల్ల," అన్నాడు. "కరెంటాఫీసుకు ఫిర్యాదు. ఎవురో ఇంట్లో దొంగతనంగా పెద్ద మిషను బిగించి ట్రాన్స్‌ఫార్మరు కాల్చేసినారంట. సెంటరు మూతబడి కూర్చోనుండా పొద్దున్నించీ."

మునస్వామి పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలను శ్రద్ధగా పరిశీలించసాగాడు. దేవకమ్మ టీ పెడతానని లేచింది. అది తన వంటిల్లు కాదని గుర్తొచ్చినా ఆగలేదు.

"చెప్పండి సార్," అంది పల్లవి.

"'ఇందుకు బాధ్యులైనవారిని వెంటనే గుర్తించి, వారిపై కఠిన చర్యలు తీసుకోవాలని కోరుచున్నాము.' కొట్టినావా?"

పల్లవి ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టి, కింద ఆయన సంతకానికి చోటు వదిలింది.