కొండబండికి చరిత్ర కట్టిన విధం

హ్వాంగ్‌సో బండికి ఎట్టకేలకు ఒక అధికారిక చరిత్ర ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. హ్వాంగ్‌సో అంటే మా కొరియా భాషలో ఎద్దు. ఇంతకుముందు దానికి చరిత్ర లేదని కాదు, ఎక్కువైంది. దాన్ని తయారుచేసే కంపెనీ చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని పాత చరిత్రను తుడిపించి, బండి తన హయాంలోనే పుట్టిందని రాయించేవాడు. అలా ఒకే బండి పదేపదే పుట్టింది.

అందరూ ఒప్పుకునే సంగతులు కొన్నే. యుద్ధం వదిలిపోయిన జీపులను చూసి, రైతు కొనగల ధరకు నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి తయారుచేశారు. ముందు చక్రాలు లాగాలంటే దిగి, బురదలో వంగి, చక్రం మధ్యనున్న బిళ్ళను చేత్తో తిప్పాలి. తరవాత్తరవాత కొనేవాళ్ళు సియోల్ వాళ్ళయ్యారు. వాళ్ళకు వంగడం నామోషీ. బిళ్ళ తీసేసి లోపల మీట పెట్టారు. మీట వల్ల అందం చెడుతోందని బొత్తాం పెట్టారు. బొత్తాం ఎవరూ నొక్కడం లేదని దాన్నీ తీసేసి, తెరమీద కొండబొమ్మ పెట్టారు. బొమ్మను తాకితే ఇంజను శబ్దం పెరుగుతుంది. ధర కూడా దానికి తగ్గట్టే పెరిగింది. దీన్ని ప్రగతి అంటారు.

ఇప్పటి చైర్మన్ తాక్ హ్యొంగ్‌మో గారు సియోల్లో చరిత్ర భవనం కట్టించారు. కట్టాక చూస్తే లోపల పెట్టడానికి తొలినాటి బండి ఒక్కటీ లేదు. గోదాములో జాగా చాలడం లేదని కంపెనీయే వాటిని తుక్కు చేయించింది. వెతగ్గా వెతగ్గా, ఇంకా నడుస్తున్నది ఒకటి మా సోల్‌చి ఊళ్ళో మెంగ్ బొంగ్‌న్యో అవ్వ దగ్గర బయటపడింది. అది చరిత్ర అని తెలియక అవ్వ దాంట్లో క్యాబేజీ దించుకుంటోంది. ఆమె చేను ఊరికి పైన, నిట్టవాలులో ఉంది. మంచు పడేలోగా పంట దించకపోతే గడ్డకట్టి కుళ్ళిపోతుంది, చలికాలానికి జాడీల్లో ఊరవేసుకోడానికి ఏమీ మిగలదు.

చైర్మన్ గారు స్వయంగా మా ఊరు దయచేశారు. పాతది ఇస్తే సరికొత్త హ్వాంగ్‌సో ఊరికే ఇస్తామన్నారు.

“కొత్తది నా చేను ఎక్కుద్దా బాబూ?” అంది అవ్వ.

“అదేం మాటవ్వా! పేరే ఎద్దు కదా.”

“ఎద్దని పేరున్నోళ్ళు మా ఊళ్ళో ఇద్దరున్నారు. ఇద్దరూ పొద్దెక్కిందాకా లెగరు.”

చైర్మన్ గారి పక్కన ఫోటోకి నిలబడి ఉన్న ఊరిపెద్ద ఒమ్ గిచొల్ కంగారుపడ్డాడు. “ఊరుకో అవ్వా! అంతటాయన మన గుమ్మంలోకి వచ్చాడు. ఊరి పరువు తీత్తావా?”

“పంట పోతే నీ పరువు కారమేసి జాడీలో ఊరబెట్టుకోవాలా?”

అయినా ఊరంతా ఒకటై నచ్చజెప్పి ఒప్పించాం. ఆనవాయితీ ప్రకారం కొత్త బండి ముందు పంది తలకాయ పెట్టి, చక్రాలమీద బియ్యంకల్లు పోశాం. చైర్మన్ గారు నేలకు నుదురు ఆనించి బండికి మొక్కారు. ఆయన మొక్కాక ఊరిపెద్ద మొక్కకపోతే బాగుండదు. ఊరిపెద్ద మొక్కాక మేం మొక్కకపోతే అసలే బాగుండదు. తరవాత చైర్మన్ గారు ప్రసంగించారు.

“రైతును మరిచిన కంపెనీ కాదు మాది! రైతు బండిని అద్దాల గదిలో పెట్టి, దుమ్ము పడకుండా, ఎవరూ తాకకుండా కాపాడుకుంటాం!”

చప్పట్లు కొట్టాం. పాత బండి లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు అవ్వ బుట్టలు తెచ్చి కొత్త బండి తలుపు తీసింది. గిచొల్ పరుగెత్తుకొచ్చాడు.

“అయ్యో అవ్వా, చెప్పులిప్పు!”

“చేలోకెళ్ళే బండికి చెప్పులిప్పడమేంట్రా?”

“ఊరంతా మొక్కిన బండి. దాంట్లో మట్టి క్యాబేజీ ఏత్తావా? సీట్ల ప్లాస్టిక్ కూడా తియ్యలేదు చూడు.”

తలుపుల అంచులకున్న నీలం స్పాంజి ముక్కలు కూడా తీయలేదు. రవాణాలో దెబ్బ తగలకుండా అంటించినవి, ఇక పీకెయ్యమని కంపెనీ వాళ్ళే చెప్పారు. మేం వినలేదు.

అవ్వ వాణ్ణి పక్కకు నెట్టి ఎక్కింది. చేను వాలు మొదలయ్యే చోట బండి ఆగి, తీయని ఆడగొంతుతో, “ఇది రోడ్డు కాదు. దయచేసి రోడ్డు మీదికి రండి,” అంది. అవ్వ తెరమీది కొండను నొక్కింది. బండి ఘనంగా గర్జించి, ఉన్నచోటే ఉంది.

పంట దిగేదాకా పాత బండి ఇప్పించమని అవ్వ సియోల్‌కు ఫోను చేసింది. చరిత్ర భవనం వారు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. అది ఇప్పుడు జాతి సంపద, కదిలిస్తే చరిత్ర దెబ్బతింటుంది. వారి ఇబ్బందీ నిజమే. అప్పటికే బండికున్న మట్టంతా కడిగేశారు, చూసేవాళ్ళు కొండబండిలా లేదనడంతో నిపుణులను పిలిపించి మట్టిరంగు కొట్టిస్తున్నారు. అది ఇంకా ఆరలేదు.

మంచు మాత్రం ఆగలేదు. అవ్వ బరువులు మోసే కర్రచట్రం వీపున కట్టుకుని మోయగలిగినంత మోసింది. మిగతా చేనంతా గాజుముక్కల్లా గడ్డకట్టి, ఎండ రాగానే నల్లబడింది. దిగేటప్పుడు ఊపిరి తీసుకోవడానికి చట్రాన్ని కొత్త బండికి ఆనించింది. గీత పడింది.

ఊరు సభ చేసింది. పంట సంగతి కాదు, గీత సంగతి. అంతటి బండికి అంత గీత పెట్టడానికి చేతులెలా వచ్చాయని గిచొల్ కంటతడి పెట్టాడు. ఆ చలికాలమంతా అవ్వ జాడీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె ఇంట్లో మాకు కనిపించింది బండి ఒక్కటే. చేను కూడా సరిగా లేని అవ్వకు అలాంటి బండి ఉండగా, మాకు లేకపోవడమేమిటి? వాయిదాల మీద అందరం కొన్నాం.

ఈ ఏడు పంటకు చేలదారి పొడవునా బండ్లే నిలబడి ఉన్నాయి. వీపున క్యాబేజీతో, గీత పడకుండా పక్కకు తిరిగి, ఒకరి వెనక ఒకరం దిగుతున్నాం. ప్రతి బండి దగ్గరా ఒక్క క్షణం ఆగి, నిగనిగలాడే ఆ తలుపులో ఎలా ఉన్నామో చూసుకుంటున్నాం. వరస ఆగిపోయినప్పుడల్లా పైనుంచి బొంగ్‌న్యో అవ్వ గొంతు వినిపిస్తోంది.

“నడవండర్రా! ఎంతసేపు చూసినా గాడిదే కనపడుద్ది!”